గయ్యాళిని ఎవరు కొన్నారు

బస్సు డ్రైవరుకు చూపు తగ్గుతోందని ముందుగా కనిపెట్టింది అతని భార్య. భోజనం చేస్తూ పక్కనే ఉన్న గ్లాసుకు మోచెయ్యి తగిలించి పడేశాడు. ఒకసారైతే పరాకు అనుకునేది. ఒక్క వారంలో నాలుగు గ్లాసులు పగిలాయి. ఆ నెల డిపోలో జరిగిన కంటి పరీక్షలో డాక్టరు తేల్చి చెప్పేశాడు. కంటి వెనక పొర అంచుల నుంచి లోపలికి ఎండిపోతూ వస్తోందట, దానికి మందు లేదట. ఇరవై రెండేళ్ళు ఒక్క మనిషికి గీత పడకుండా బస్సు నడిపినవాణ్ణి ఆ మధ్యాహ్నమే సీటు నుంచి దింపేశారు. ఏడాది తిరిగేసరికి అతనికి మిగిలింది కుడి కంట్లో చిల్లర నాణెమంత వెలుతురు. ఆ తర్వాత అదీ పొగలా మసకబారింది.

అతనికో పడవ ఉంది. పద్దెనిమిది అడుగుల ఫైబరు పడవ, వెనకాల ఇంజను. పదకొండేళ్ళ కిందట ఎవరో రేవులో వదిలేసిపోతే వేలంలో కొన్నాడు. రెండేళ్ళ పాటు సెలవు రోజులన్నీ దాని మీదే పెట్టి బాగుచేసుకున్నాడు. భార్య బట్టలు కుడుతుంది. సీట్లకు ముదురు ఆకుపచ్చ గుడ్డతో తొడుగులు ఆమే కుట్టింది. చలి పొద్దున ఆ ఇంజను ఒక పట్టాన కదిలేది కాదు. కదిలిందా, రేవంతా వినబడేలా అరిచేది. అందుకే దానికి గయ్యాళి అని పేరు పెట్టాడు. "ఇంట్లో ఒకత్తి, నీళ్ళలో ఒకత్తి. మధ్యలో నేను నలిగిపోతున్నాను" అని తోటి డ్రైవర్లతో అనేవాడు. పిల్లలు లేని ఆ ఇద్దరికీ ఆదివారమంటే ఆ పడవే.

అమ్మేద్దామన్న మాట అతనే ఎత్తాడు.

"నేను నడపలేను, నీకు నడపడం రాదు. ఇంటి ముందు ఎండకు ఎండి పాడైపోతుంది. ఎవరైనా నీళ్ళలో తిప్పుకుంటే అదే చాలు."

"రహదారి మీద పాత పడవలు అమ్మిపెట్టే దుకాణం ఉందటండీ" అంది భార్య. "వాళ్ళకి అప్పజెబితే వాళ్ళే అమ్మి, కమిషన్ పట్టుకుని మిగతాది మనకిస్తారట."

"నూటికి పద్దెనిమిది వాడికెందుకివ్వాలి? అదీగాక, వాడు ఎవడికి అంటగడతాడో మనకేం తెలుసు? మన గుమ్మం ముందు పెట్టి అమ్ముకుంటే, కొనేవాడితో నాలుగు మాటలు మాట్లాడొచ్చు. దీని సంగతులు చెప్పాలి కదే వాళ్ళకి."

సరేనని ఆమె ఫోటోలు తీసి ఫోనులో ప్రకటన పెట్టింది. ఆ రోజు నుంచి ఫోను మోగని గంట లేదు. సగంమంది "చివరి రేటెంత?" అని అడిగి పెట్టేసేవాళ్ళు. వస్తామన్నవాళ్ళలో ముప్పాతిక మంది రాలేదు. వచ్చినవాళ్ళలో ఒక పెద్దమనిషి చెక్క ముక్కతో పడవ పొడుగునా కొట్టి చూశాడు. యజమానికి కనబడదని గ్రహించాక గొంతులో ధీమా వచ్చింది.

"ఇక్కడ పెద్ద పగులుంది కదండీ."

డ్రైవరు లేచి, పడవ అంచు పట్టుకుని నడిచి, ఆ చోట వేళ్ళతో తడిమాడు. "పగులు కాదు బాబూ. అచ్చు పోసినప్పుడే పడ్డ గీత. దాని మీద మూడుసార్లు పాలిష్ పట్టింది నేనే."

పెద్దమనిషి నవ్వేసి, అడిగిన ధరలో సగం ఇస్తానన్నాడు. లోపల మిషను దగ్గర కూర్చున్న భార్యకు ఇదంతా వినబడుతూనే ఉంది. కాలు పెడలు మీద అలాగే ఆగిపోయింది.

రెండో వారంలో ఒక టీచరమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవలో తిరిగిందట, మళ్ళీ ఇన్నాళ్ళకు ఆ కోరిక పుట్టిందట. సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. డ్రైవరుకు అంతకంటే ఏం కావాలి? రెండు గంటలు మాట్లాడాడు. గయ్యాళిలో ఉన్న లోపాలన్నీ ఒక్కటి దాచకుండా చెప్పాడు.

"ఎడమకి తిప్పాలంటే కాస్త ముందే చెప్పాలమ్మా, లేకపోతే అలుగుతుంది. చలి పొద్దున రెండుసార్లు తాడు లాగి, ఊరుకుని, వేరే పనేదో ఉన్నట్టు అటు తిరగాలి. మూడోసారి లాగితే పలుకుతుంది. బతిమాలితే మాత్రం పలకదు."

టీచరమ్మ నవ్వుతూ అన్నీ రాసుకుంది. వెళ్ళబోతూ అడిగింది. "అన్నయ్యా, ధర నాకు సమ్మతమే. కానీ లోను చేతికి రావడానికి నెలన్నర పైనే పడుతుంది. ఆగుతారా? ఇంకో మాట. మొదటి నాలుగు ఆదివారాలు మీరు నాతో రావాలి. పక్కన మీరుంటేనే నాకు ధైర్యం."

"ఎందుకు రానమ్మా!" అన్నాడు డ్రైవరు.

ఆమె వెళ్ళాక భార్య తల పట్టుకుంది. "అడ్వాన్సు లేదు, కాగితం లేదు. మీరు పడవ అమ్ముతున్నారా, పెళ్ళి సంబంధం చూస్తున్నారా?"

"సంబంధమే అనుకో" అని అతను గట్టిగా నవ్వాడు. ఏడాదిగా ఆ ఇంట్లో అలాంటి నవ్వు వినబడలేదు.

అయినా ఆ మాట మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. ప్రకటన తీసెయ్యలేదు. వారం తర్వాత ఆమె కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడు ఇద్దరు మనుషులు పడవ చూస్తామని వచ్చారు. ఒకడు వరండాలో కూర్చుని డ్రైవరును కబుర్లలో పెట్టాడు. రెండోవాడు పడవలోంచి బ్యాటరీ, లంగరు, పనిముట్ల పెట్టె కారులో వేసుకున్నాడు. వాళ్ళకు డ్రైవరు మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. మర్నాడు పొద్దున పడవ తుడుస్తూ, బ్యాటరీ ఉండాల్సిన చోట చెయ్యి పెడితే ఖాళీ తగిలింది.

"నా ముందే తీసుకుపోయారే" అన్నాడు. ఆ పూట భోజనానికి లేవలేదు.

ఆ రోజే ఆమె దుకాణానికి ఫోను చేసింది.

దుకాణదారు మర్యాదస్థుడు. కుర్చీలు తెప్పించాడు, చల్లటి నీళ్ళిచ్చాడు. "మీకింక ఏ తలనొప్పీ ఉండదక్కా. అడ్డమైనవాళ్ళూ మీ గుమ్మం తొక్కరు. కడిగి, మెరుగు పెట్టి, అద్దంలా నిలబెడతాను" అన్నాడు. మూడు పేజీల ఒప్పందం ముందు పెట్టాడు. భర్తకు వినబడేలా ఆమె పైకి చదవసాగింది. తొమ్మిదో షరతు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ముప్పై రోజుల్లో అమ్ముడుపోకపోతే ధర తగ్గించే హక్కు దుకాణానిది. ఎవరికి అమ్మాలి, మొత్తంగానా విడిభాగాలుగానా అన్నది కూడా దుకాణం ఇష్టం.

ఆమె భర్త ముఖంలోకి చూసింది. ఈ ముక్క చదివితే ఆయన లేచిపోతాడు. లేచిపోతే మళ్ళీ ఆ ఫోన్లు, ఆ బేరాలు, ఆ దొంగలు. ఎనిమిది తర్వాత పది చదివేసింది.

"టీచరమ్మ వస్తే?" అని డ్రైవరు అడిగాడు.

"ఇక్కడికే పంపండన్నా. నాకు ఎవరైనా ఒకటే" అన్నాడు దుకాణదారు.

సంతకం ఎక్కడ పెట్టాలో భార్య అతని వేలు పట్టుకుని చూపించింది.

మొదటి రెండు వారాలూ డ్రైవరు ఊరుకోలేదు. కర్ర పట్టుకుని, బస్సెక్కి, దారి అడుక్కుంటూ దుకాణానికి వెళ్ళి గయ్యాళి పక్కన కూర్చునేవాడు. మూడోసారికి దుకాణదారు భార్యకు ఫోను చేశాడు. "అక్కా, తప్పుగా అనుకోకండి. వచ్చిన ప్రతివాడికీ అన్న, ఇది ఎడమవైపు అలుగుతుందని చెబుతున్నాడు. ఇట్లాగైతే నా దగ్గరున్న మంచి పడవలు కూడా పోవు." ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కొన్నాళ్ళు వెళ్ళవద్దని భర్తకు నచ్చజెప్పింది. అతను తలూపి, కర్ర తలుపు వెనక పెట్టేశాడు.

ముప్పై నాలుగో రోజు పొద్దున టీచరమ్మ ఫోను చేసింది. "వదినా, అనుకున్నదానికంటే ముందే లోను చేతికొచ్చింది!"

భార్య కాళ్ళు నేల మీద నిలవలేదు. భర్తకు అప్పుడే చెప్పకూడదు, కొన్నాక ఒకేసారి చెప్పి ఆశ్చర్యపరచాలి అనుకుంది. టీచరమ్మను నేరుగా దుకాణానికి పంపింది. గంటలో మళ్ళీ ఫోను. ఈసారి టీచరమ్మ గొంతు వేరుగా ఉంది.

"వదినా, మీరొకసారి రండి."

ఆమె వెళ్ళింది. దుకాణం వెనక రేకుల షెడ్డు ఉంది. దాని పక్కన రంపంతో కోసిన ఫైబరు ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. వాటి మీద ఆకుపచ్చ గుడ్డ. చేతిలోకి తీసుకోకుండానే ఆ కుట్టు ఎవరిదో ఆమెకు తెలిసింది. ఇంజను ఒక్కటే కావాలని నిన్న ఎవరో వచ్చి పట్టుకుపోయారట.

"ఇంజనుకి మంచి రేటు పలికిందక్కా. పాత పడవ డొల్లకి గిరాకీ లేదు, ఉంచితే చోటు దండగ. తొమ్మిదో షరతులో రాసిందే కదా. మీరే చదివారు" అన్నాడు దుకాణదారు. అతని గొంతులో మోసం లేదు. అతని వైపు తప్పూ లేదు. టీచరమ్మ నోటుపుస్తకం గుండెకు ఆనించుకుని దూరంగా నిలబడి ఉంది.

ఇంటికి వచ్చేసరికి డ్రైవరు వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడు విని తలెత్తాడు.

"ఎక్కడికెళ్ళావే? గయ్యాళి సంగతేమైనా తెలిసిందా?"

నోట్లో ఉన్న మాట ఒకటి, బయటికి వచ్చిన మాట మరొకటి. "టీచరమ్మ కొనుక్కుందండీ."

అతని ముఖం విప్పారింది. రెండు చేతులూ ముందుకు చాపాడు, ఆమె చేతులు దొరికేదాకా గాలిలో వెతికాడు. "చెప్పానా? మాట మీద నిలబడే మనిషని చెప్పానా లేదా?"

మర్నాటి నుంచి అతనికి కొత్త పని దొరికింది. టీచరమ్మకు పంపమని భార్య ఫోనులో గొంతు రికార్డు చెయ్యడం నేర్చుకున్నాడు. "టీచరమ్మా, ఇది నాలుగోది. ఆటుకి నీళ్ళు వెనక్కి లాగేటప్పుడు వంతెన కింద నుంచి వెళ్ళకు. ఎందుకో చెబుతాను..." అని మొదలుపెడితే చెప్పుకుంటూ పోయేవాడు. మూడు వారాల్లో పదిహేడయ్యాయి. భార్య ఒక్కటీ పంపలేదు. టీచరమ్మ ఎప్పుడు పిలుస్తుందని అడిగితే, బడిలో పరీక్షలని ఒకసారి, ఒంట్లో బాగాలేదని ఒకసారి చెప్పింది. అతను ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని సిద్ధంగా కూర్చునేవాడు.

ఇక తట్టుకోలేక ఆమె టీచరమ్మ బడికి వెళ్ళింది. మరో పడవ ఏదైనా కొంటే ఆయన్ని దాని మీద తీసుకెళ్ళమని అడుగుదామనో, గయ్యాళిని కొన్నట్టు ఆయనకు ఒక్క ఫోను చెయ్యమని అడుగుదామనో, తనకే తెలియదు. టీచరమ్మ ఆ పదిహేడులో రెండు విని కళ్ళు తుడుచుకుంది.

"ఆయన గొంతు విన్నాక నేను అబద్ధం ఆడలేను వదినా. ఇంకెవరి నోటో వినకముందే మీరే చెప్పెయ్యండి."

ఆ ఆదివారం కాఫీ గ్లాసు అతని చేతికిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుని ఆమె అంతా చెప్పింది. తొమ్మిదో షరతు నుంచి మొదలుపెట్టి ఆకుపచ్చ గుడ్డ దాకా. అతను మధ్యలో ఒకే ఒక్క మాట అడిగాడు.

"ముక్కలు చేశారా?"

"చేశారు."

కాఫీ చల్లారిపోయింది. అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననిపించింది.

"పడవ పోతే పోయింది" అన్నాడు చివరికి. "కళ్ళు పోయినవాడికి పడవేంటి. కానీ, ఆ కాగితం... నువ్వు ఎనిమిది చదివి ఆగావు. నాకు గుర్తుంది. గుటక మింగావు. దాహమేస్తోందేమో అనుకున్నాను, నీళ్ళు అడుగుదామనుకున్నాను నీ కోసం. నాకు కళ్ళుంటే నువ్వు అలా చేసేదానివా?"

"మీరు బాధపడతారని" అని ఆమె మొదలుపెట్టి ఆగిపోయింది.

"బ్యాటరీ పట్టుకుపోయినవాళ్ళు బయటివాళ్ళు" అన్నాడు అతను. ఆ మాట అన్నందుకు తనే నొచ్చుకున్నట్టు వెంటనే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తర్వాత రోజులు మామూలుగానే గడిచాయి. ఆమె వడ్డించింది, అతను తిన్నాడు. డిపోవాళ్ళు జాలిపడి విచారణ ఫోన్ల దగ్గర అతనికి ఉద్యోగం ఇచ్చారు. బస్సుల వేళలన్నీ అతనికి నోటికే వచ్చు కనుక పనిలో ఇబ్బంది లేకపోయింది. ఇంటికి వచ్చిన ఉత్తరాలు మాత్రం విప్పకుండా జేబులో పెట్టుకుని వెళ్ళి, అక్కడ పక్క బల్ల గుమాస్తాతో చదివించుకునేవాడు. ఆమె చూసింది. ఫోనులోని ఆ పదిహేడింటి గురించి అతను మళ్ళీ అడగలేదు, ఆమె వాటిని తుడిపెయ్యనూ లేదు.

ఒక సోమవారం పొద్దున ఉద్యోగానికి బయలుదేరుతూ గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఇది ఏ రంగే?"

"నీలం అండీ. ఇస్త్రీ చేశాను."

"ఊఁ" అన్నాడు. కర్ర తీసుకుని మెట్లు దిగాడు. గేటు దగ్గర పాలవాడు సైకిలు ఆపి పలకరించాడు. కాసేపు ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఆమె కిటికీ దగ్గర మిషనులో దారం ఎక్కిస్తోంది.

"అవును గానీ, నా చొక్కా ఏ రంగయ్యా?" అని గేటు దగ్గర అతని గొంతు మెల్లగా అడిగింది.

"నీలం సార్" అన్నాడు పాలవాడు.

ఆమె చేతిలోని దారం సూది బెజ్జం తప్పి పక్కకు పోయింది.