బంతి ఎవరి చేతిలో ఉంది

సిన్సినాటి బేస్‌బాల్ మైదానం బయట, కారు డిక్కీ దగ్గర నిలబడి సామాన్లు ప్లాస్టిక్ సంచిలోకి మారుస్తుంటే, నా చేతిసంచి అస్తరు లోపల ఎవరో కుట్టిపెట్టిన బిళ్ళ వేళ్ళకు తగిలింది.

కోటు బొత్తాం కన్నా కాస్త పెద్దది. మా ఇంటి తాళాల గుత్తికి ఇలాంటిదే వేలాడుతుంటుంది. తాళాలు ఎక్కడ పారేసుకున్నా ఫోను మ్యాపులో చుక్కలా చూపిస్తుంది. కానీ నేను తాళాల గుత్తిని కాను.

"ఇంకెంతసేపు, మారెన్? ఆట మొదలైపోతుంది!" గ్రాంట్ అరిచాడు.

"వస్తున్నా."

మైదానంలోకి లోపలున్నవన్నీ కనబడే సంచే తీసుకెళ్ళాలి. నలుగురి సామాన్లూ నా సంచిలోనే. కారు తాళాలు, గ్రాంట్ బీపీ మాత్రలు, తొమ్మిదేళ్ళ మా జూనీకి రాసే ఎండ క్రీము, అత్తగారి కళ్ళద్దాలు, నా ప్యాడ్లు. మా అత్తగారు వెర్నా వాటి మీద తన రుమాలు కప్పింది.

"ఊరంతా చూడాలా అమ్మాయ్?"

"చూస్తే చూశారులే. దాచుకోవడానికి దాని దగ్గర ఏముందమ్మా?" గ్రాంట్ నవ్వాడు. నేనూ నవ్వాను.

నా దగ్గర దాచుకున్నది ఒకటుంది. మంగళవారాలు. జూనీని పియానో పాఠానికి దింపి, సరుకులకనో పళ్ళ డాక్టరుకనో చెప్పి, ఈరీ సరస్సు ఒడ్డున కారాపి అద్దాలు దించుకుని కూర్చుంటాను. నలభై నిమిషాలు. ఎవరూ నన్ను ఏదీ ఎక్కడుందని అడగరు. వారం మొత్తంలో నాదంటూ ఉన్నది అదే. ఆ నలభై నిమిషాల్నీ ఎవరో చూస్తున్నారు.

ఎవరు? ముందు గుర్తొచ్చింది ఆకుపచ్చ టోపీ మనిషి. ఈ ఆటల ప్రయాణంలోనే, క్లీవ్‌లాండ్ మైదానంలో మా వెనక వరసలో కూర్చుని ఏ ఊరని అడిగాడు. నిన్న పిట్స్‌బర్గ్‌లోనూ కనబడ్డాడు. వాడే అయితే బాగుండునని మొక్కుకున్నాను. పరాయివాడైతే కేక వేసి గ్రాంట్‌ని పిలవచ్చు. ఇంట్లోవాడైతే ఎవర్ని పిలవాలి?

గేటు దగ్గర కాపలామనిషి అందరికీ వినబడేలా చెబుతున్నాడు. "ఒకసారి బయటికెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వం. ఏం మరిచిపోయినా ఇప్పుడే తెచ్చుకోండి!"

నేను మరిచిపోవడమా? నాలుగు ఊళ్ళు, నాలుగు ఆటలు. టికెట్లు, మోటెల్ గదులు, ఐసుపెట్టెలో శాండ్‌విచ్‌లు, రాత్రి బాత్‌టబ్‌లో ఉతికి ఏసీ ముందు ఆరేసిన జెర్సీలు, అన్నీ నేనే. అత్తగారు దారిలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెబుతుంది, "మావాడు పెళ్ళాన్నీ పిల్లనీ ఊరూరా తిప్పి ఆటలు చూపిస్తున్నాడు" అని.

సీట్లో కూర్చోగానే గ్రాంట్ తన పాత కథ ఎత్తుకున్నాడు. హైస్కూల్లో రెండో బేస్ దగ్గర బంతిని గ్లవ్‌లో దాచేసి, విసిరేసినట్టు నటించాడట. అవతలి జట్టువాడు నమ్మి బేస్ మీంచి కాలు తీశాడు. బేస్ వదిలినవాడికి బంతి తాకితే ఆట నుంచి పోయినట్టే. గ్రాంట్ బంతి తాకించాడు. అవుట్.

"అందుకే బంతి ఎవరి చేతిలో ఉందో తెలీకుండా కాలు కదపకూడదు, బంగారం."

"ఇది మూడోసారి, నాన్నా," అంది జూనీ.

నాకు మాత్రం అప్పుడే మొదటిసారి విన్నట్టుంది. మూడో ఇన్నింగ్స్‌లో బాత్రూమ్‌కని లేచాను.

మూసుకున్న తలుపు వెనక అస్తరు తిప్పి చూశాను. నిజానికి ఆ చేతిసంచిని మడిచి నడుముకి, చొక్కా కింద చుట్టుకుని తెచ్చాను. దాన్ని కార్లో వదిలితే నేను కార్లో ఉన్నట్టే చూపిస్తుందిగా. నీలం దారం. పెద్ద పెద్ద వంకర కుట్లు. సూది పట్టడం అలవాటు లేని చెయ్యి. మా ఇంట్లో బొత్తాం ఊడితే నా ఒళ్ళో పడుతుంది, అత్తగారిది కూడా. వేరేవాళ్ళ బిళ్ళ ఇలా మన వెంట తిరుగుతుంటే మన ఫోనే హెచ్చరిస్తుందని జూనీ స్కూలు దగ్గర తల్లులు అనుకోగా విన్నాను. నా ఫోను ఒక్కసారీ హెచ్చరించలేదు. అందులో ఏది మోగాలో ఏది మోగకూడదో అమర్చి నా చేతికిచ్చేది గ్రాంట్.

దారం పళ్ళతో కొరికి బిళ్ళ తీశాను. బయటికొచ్చి దాన్ని సింకు మీద పెట్టాను. పక్కనే పసిపిల్లకి డైపరు మారుస్తున్న ఒకామె దాన్నీ నన్నూ చూసింది.

"మీ ఆయనా?"

"తెలీదు."

"తెలుసులే అమ్మా," అంది నెమ్మదిగా. "దీనికి జ్వరంగా ఉంది, నేనెలాగూ వెళ్ళిపోతున్నా. మా ఇల్లు వంతెన అవతల, కెంటకీలో. ఇలా ఇవ్వు. దార్లో పెట్రోలు బంకు దగ్గర చెత్తడబ్బాలో పడేస్తా. నీకు తోడెవరైనా కావాలా?"

బిళ్ళ ఆమె చేతిలో పెట్టాను. "తోడు వద్దు. ముందు నాకు తెలియాలి."

మెట్ల పైన స్తంభం వెనక నిలబడి మా వరసకేసి చూశాను. గ్రాంట్ వేరుశనగలు వొలుస్తున్నాడు. ఒక ఇన్నింగ్స్ గడిచింది. ఫోను తీశాడు, జేబులో పెట్టాడు. దేవుడా, ఇంక తీయకూడదు. మళ్ళీ తీశాడు. ఈసారి వేరుశనగల పొట్లం ఒళ్ళోంచి జారిపోయింది. లేచి, వాళ్ళమ్మ కాళ్ళు తొక్కుకుంటూ, ఎదురు మెట్ల మీదుగా గేటుకేసి పరిగెత్తాడు.

బేస్ మీంచి కాలు తీశాడు.

మెట్లు దిగి నా సీట్లో కూర్చున్నాను.

"వాడికేమైంది? నిప్పు తొక్కినట్టు లేచాడు," అంది అత్తగారు.

నా ఫోను మోగింది.

"వంతెన అవతల ఏం పని నీకు?" రొప్పుతున్నాడు. "ఎవడితో వెళ్తున్నావ్?"

"నా సీట్లో ఉన్నాను, గ్రాంట్. జూనీ పక్కన. ఇద్దరు అవుటయ్యారు."

ఫోను పెట్టేశాను.

జూనీని అత్తగారికి అప్పగించి గేటు దగ్గరికెళ్ళాను. గ్రాంట్ ఊచల అవతల ఉన్నాడు. కాపలామనిషి అడ్డంగా చెయ్యి చాపి, "చెప్పాను కదా సార్, బయటికెళ్తే అంతే" అంటున్నాడు.

"తాళాలివ్వు, మారెన్. కార్లో మాట్లాడుకుందాం."

కారు తాళాలు నా పిడికిట్లో ఉన్నాయి. ఆ సంచి మోసేది నేనే కదా. ఇంటికి నేనూ జూనీ ఈ కార్లో వెళ్తాం. వాళ్ళమ్మతో కలిసి అతను బస్సులో రావచ్చు. అది అప్పటికే నాకు తెలుసు.

"ఇక్కడే చెప్పు. అందరి ముందూ."

ఊచలు పట్టుకుని తల దించుకున్నాడు.

"నేనే కుట్టాను. మార్చిలో, నీ కుట్టుపెట్టెలో దారంతోనే. నువ్వు పళ్ళ డాక్టరన్న రోజు చుక్క సరస్సు దగ్గర ఆగింది. వెనకే వచ్చాను. ఒకసారి కాదు, నాలుగు మంగళవారాలు. చెట్ల వెనక కారాపి చూశాను. ఎవడో ఒకడు వస్తాడనుకున్నా. వాడొస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు. కానీ ఎవడూ రాలేదు, మారెన్. నువ్వొక్కదానివే కూర్చుని నీలో నువ్వు నవ్వుకుంటున్నావ్. ఇంట్లో నువ్వలా నవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదు. అది చూశాకే నాకు భయమేసింది."