ఎవరి బార వాళ్లదే

ఎర్రదిబ్బ పాళెంలో ఆదెయ్యను మించిన మొనగాడు లేడని మొదట చెప్పింది ఊరు కాదు, ఆదెయ్యే. ఊరు తర్వాత ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మొదటిసారి దిబ్బ మీది నుంచి దూకి ఐదు బారల అవతల పడ్డాడు. ఆ తర్వాత ఏటా అదే వరస. చూడబోతే మనిషి పొట్టి, గుండ్రం. గాలిలోకి లేచాడంటే మాత్రం ఆడవాళ్లు కూడా పొయ్యి మీది పొంగలి మరిచిపోయి నోరు తెరుచుకుని చూసేవాళ్లు.

విడవలూరు దాటి సముద్రం వైపు పోతే, ఊరిని ఆనుకుని తాటిచెట్టంత ఎత్తున ఉంటుంది ఆ ఇసుకదిబ్బ. వల వేసే కాలంలో ఒక మనిషి దాని మీద కూర్చుని నీళ్ల రంగు కనిపెడుతూ ఉండాలి. చేపల మంద వస్తే నీళ్లు నల్లబడతాయి. అది కంటబడగానే కేక వేసి, అడుగున సొరచేప నూనె పూసిన చెక్కపలక మీద నిలబడి జర్రున జారి, దిబ్బ కింది అంచున పలక వదిలేసి గాలిలోకి ఎగిరి, కింద తడి ఇసుకలో పడి, పరుగున పోయి పడవ ఎక్కాలి. నింపాదిగా నడిచి దిగితే మంద ఆగదు గదా. ఆ పనిలోంచే ఆట పుట్టింది. మాఘమాసంలో గంగమ్మకు పొంగళ్లు పెట్టిన నాడు మగవాళ్లందరూ దూకుతారు. ఎవరు ఎక్కువ దూరం పడితే ఆ ఏడాది దిబ్బ వాళ్లది. మిగిలినవాళ్లు కింద ఒడ్డున నిలబడి, నడుములు విరిగేలా వలతాడు లాగాలి.

దిబ్బ ఎక్కితే ఆదెయ్య రాజే. ఆయన కేక వేస్తే పడవ కదులుతుంది, వేయకపోతే ఊరంతా కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. అంత మర్యాద ఆయనకు ఇంట్లో కూడా దొరకలేదు. ఇంట్లో పెళ్లాం కామాక్షమ్మ ఉంది మరి.

ఇక కొలత సంగతి. పాళెంలో వలతాడైనా, లోతు చూసే తాడైనా ఎవడిది వాడు తన చేతులతోనే బారలు వేసుకుంటాడు. నీళ్లలో ఆ తాడు వదిలేవీ లాగేవీ ఆ చేతులే కాబట్టి, ఇంకొకడి చేతుల లెక్క వాడికి దేనికి? దూకుడుకూ అదే పద్ధతి. దూకినవాడే మడమ గుర్తు దగ్గర తాడు పెట్టి, రెండు చేతులూ చాపి, బార తర్వాత బార లెక్కపెడుతూ దిబ్బ అంచు దాకా వస్తాడు. ఇందులో వంక ఉందని తాతలకూ తండ్రులకూ తోచలేదు. ఆదెయ్యకు అసలే తోచలేదు.

ఆయన తర్వాత ఎప్పుడూ కామాక్షమ్మ తమ్ముడు పెంచలయ్యే. కొబ్బరిచెట్టులా సాగిన మనిషి, మోకాళ్లు అందే చేతులు. ఎంత ఎగిరినా నాలుగున్నర బారల దగ్గరే ఆగిపోయేవాడు. "నీ దగ్గర ఏదో మందు ఉండాది బావా" అని నవ్వేసి, పోయి తాడు పట్టుకునేవాడు.

అరవై ఆరులో కథ అడ్డం తిరిగింది. తిప్పింది కామాక్షమ్మ నోరే. కోవూరు బజారులో వంజరం చేపలు అమ్ముతూ, "మా ఆయన ఐదు బారలు దూకతాడు సారూ" అని హైస్కూలు డ్రిల్లు మాస్టరు సమాధానం గారితో గొప్పలు పోయింది. ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు. బారంటే ఆరడుగులు, ఐదు బారలంటే ముప్ఫై అడుగులు. అంత లాంగ్ జంప్ చేసిన మనిషి భూమ్మీద లేడు! పొంగళ్ల నాటికి చంకలో టేపుతో, సైకిలు తొక్కుకుంటూ దిగిపోయాడు.

దిబ్బను చూడగానే పాపం ఆయన మొహం వాడిపోయింది. "పలక మీద జారి దూకేదా అమ్మా? ముందే చెప్పొద్దూ!" అన్నాడు. అయినా అంత దూరం మోసుకొచ్చిన టేపు ఊరికే తీసుకుపోలేక అందరి దూకుళ్లూ కొలిచాడు. ఆదెయ్యది ఇరవై ఐదు అడుగులు. పెంచలయ్యది ఇరవై ఏడు.

 పాళెంలో తీర్పులు చెప్పే పెద్దకాపు జయరామయ్య కర్ర ఊతంగా లేచి వచ్చి టేపును ఎగాదిగా చూశాడు.

"సారూ, ఇది ఎవరి బార?"

"ఎవరిదీ కాదండీ. అందరికీ ఒకటే."

"ఎవరిదీ గాని బారతో మాకేం పని? ఇది ఏనాడన్నా తాడు లాగిందా, తెడ్డు ఏసిందా? ఆదెయ్యది ఐదు, పెంచలయ్యది నాలుగున్నర. దిబ్బ ఆదెయ్యదే!"

ఊరంతా ఈలలు వేసింది. సమాధానం గారు కడుపునిండా పొంగలి తిని సైకిలెక్కాడు. ఆయన మటుకు పోయాడు గానీ, ఆ ఇరవై ఏడు అడుగులు ఆదెయ్య బుర్రలోంచి పోలేదు.

ఆ ఏడాది దిబ్బ మీద కూర్చున్నాడన్న మాటే గానీ, కళ్లు నీళ్ల మీద నిలిచేవి కావు. కింద తాడు లాగుతున్న పెంచలయ్య మీదికే పోయేవి. లేదంటే తన చేతులు తాను చాపి చూసుకునేవాడు.

"ఇంకా పెరగతాయేమోనని చూస్తుండావా?" అంది కామాక్షమ్మ ఒకనాడు.

"నేను గెలిచినానో లేదో తెలియాల నాకు."

"తెలిసినాక తాడు లాగాల్సొస్తే? నలభై దాటినాయి నీకు."

 దిబ్బ లేని ఆదెయ్య ఎలా ఉంటాడో ఆయనకే తెలియదు. భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గు వేసింది. అయినా మళ్లీ పొంగళ్లు రాగానే పెద్దకాపు ముందుకెళ్లి, "ఈసారి నా దూకుడు పెంచలయ్య బారతో కొలవాల" అన్నాడు. పెద్దకాపు ఎంత కోప్పడినా వినలేదు.

పెంచలయ్య ముందు దూకాడు. తన బారతో ఎప్పటిలా నాలుగున్నర.

ఆదెయ్య పలకకు నూనె రెండోసారి పూశాడు. జారాడు. అంచున కాళ్లు ఝాడించి లేచాడు చూడండీ, తలగుడ్డ ఊడి వెనకే ఉండిపోయింది. అంత బాగా ఆయన జన్మలో ఎగరలేదు. పడ్డచోట ఇసుక చిమ్మి పెద్దకాపు మీసాల మీద పడింది.

పెంచలయ్య మడమ గుర్తు దగ్గర తాడు పట్టుకున్నాడు. ఒకటి, రెండు అని అరుస్తూ బారలు వేస్తుంటే ఆదెయ్య పక్కనే నడిచాడు. "ఐదు! బావదే దిబ్బ!" అని పెంచలయ్య తాడు పైకి విసిరేశాడు. డప్పులు మోగాయి.

ఆదెయ్య ఒక్కడే కదలలేదు. కొలిచినంతసేపూ పెంచలయ్య మోచేతులు వంగే ఉన్నాయి. అంత పొడుగు చేతులనూ చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ముడుచుకుని కొలిచాడు. కామాక్షమ్మ వైపు చూస్తే ఆవిడ గబుక్కున సముద్రం వైపు తిరిగింది. ఆవిడా చూసిందన్న మాట.

ఊరుకుంటే సరిపోయేది. ఊరు ఒప్పుకుంది, పెద్దకాపు ఒప్పుకున్నాడు, ఓడినవాడే గెలిపించాడు. ఆదెయ్యకు ముందు ఒళ్లు మండింది. ఆ వెంటనే బావమరిది మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"చేతులు చాపరా" అన్నాడు.

"చాపే ఉండా గదా బావా."

"చాపరా నాయనా. ఇన్నేళ్లూ నీ దిబ్బ మీద నేను కూసున్నా. తెలియక కూసున్నా. తెలిసి కూసోలేను రా."

పెంచలయ్య కళ్లు తుడుచుకుని చేతులు బార్లా చాపాడు. మళ్లీ కొలిచారు. ఈసారి లెక్క ఆదెయ్యే పెట్టాడు, ఊరందరికీ వినపడేలా. నాలుగు బారలు, పైన ఒక మూర. అంతే. పలక తెచ్చి పెంచలయ్య చేతిలో పెట్టాడు.

మర్నాటి నుంచి ఆదెయ్య వలతాడు లాగాడు. మొదటి వారం అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోతే కామాక్షమ్మ ముద్దలు కలిపి పెట్టింది. పెట్టినంతసేపూ తిట్టింది, అది వేరే సంగతి. దిబ్బ మీంచి పెంచలయ్య కేక వినపడినప్పుడల్లా ఆదెయ్య గుండె కలుక్కుమనేది. లేదని ఆయన ఎప్పుడూ అనలేదు.

అయితే జువ్వలదిన్నె నుంచి ఎవరన్నా కొత్తవాళ్లు కూలికి వచ్చి పక్కన తాడు పట్టుకుంటే చాలు, ఆదెయ్య మొదలుపెట్టేవాడు.

"నేను ఎంత దూకినానో తెలుసునా? నాలుగు బారల మూరెడు."

"అంతేనా? ఐదు దూకేవాడివని విన్నామే!"

ఆదెయ్య తాడు వదలకుండానే గడ్డంతో దిబ్బ పైకి చూపించేవాడు.

"వాడి బార అబ్బయ్యా, వాడి బార!"