గడువు దాటని భార్య

నలభై దాటాక పెళ్లి చేసుకుంటే చుట్టాలకి రెండే పనులు. మొదట నవ్వడం, తర్వాత సలహాలివ్వడం. మా పెళ్లిలో రెండూ భోజనాలతో పాటే వడ్డించారు. నేను బస్సు కండక్టర్ని. ఆయన పరాయి దేశంలో ఒక బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. పెళ్లయిన నెలలోపే సెలవైపోయిందని వెళ్లిపోయాడు. ఏడాది పాటు ఫోన్లో కాపురం చేశాం. ఇక చాలనిపించి, డిపోలో జీతం లేని సెలవు పెట్టి, మూడు నెలల విజిటర్ వీసా మీద విమానమెక్కాను. మొగుడి దగ్గరికి వెళ్లే పెళ్లాన్ని సందర్శకురాలు అంటారట! చూసి రావడానికి ఆయనేమైనా జలపాతమా?

బేకరీ పైన ఒకే ఒక్క గది ఆయనది. కిటికీ లేదు. కింద పొయ్యిలు రాత్రంతా మండుతాయి కాబట్టి తెల్లారేసరికి గచ్చు వెచ్చగా ఉండేది. ఆయన పని ముగించుకుని, కనుబొమల మీద పిండితోనే మేడెక్కి వచ్చి, నాకో రొట్టె తుంచి పెట్టి, నేను తింటుంటే చూస్తూ కూర్చునేవాడు. "నువ్వు తింటుంటే నాకు ఆకలేస్తోందే కండక్టరమ్మా" అనేవాడు. పదకొండేళ్లు ఒంటరిగా తిన్న మనిషి. బంగారంలాంటివాడు. కాకపోతే వట్టి పిరికివాడు.

ఎంత పిరికివాడో రెండో నెల సగంలో తెలిసింది. నన్ను భార్యగా పిలిపించుకోవడానికి పెట్టాల్సిన దరఖాస్తు ఆయన ఇంతవరకూ పెట్టనే లేదు.

"కిటికీ లేని గదిని ఇల్లంటే వాళ్లు ఒప్పుకోరే. వేరే ఇల్లు చూపించాలి. ఉద్యోగం ఉందని యజమాని చేత రాయించాలి. అడిగితే ఆయన ఏమంటాడో! తీరా పెట్టాక కాదన్నారనుకో, నిన్ను మళ్లీ చూడ్డానిక్కూడా రానివ్వరేమో."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"గడువైపోయినా ఉండిపో. ఎవరూ అడగరు. మనవాళ్లు ఎంతమంది అలా ఉండట్లేదు!"

ఒళ్లు మండింది. కానీ నిజం చెప్పొద్దూ, నాకూ ఉండిపోవాలనే ఉంది. వెళ్తే మళ్లీ ఆ ఫోను, ఆ కాపురం. అందుకే "చూద్దాం లెండి" అని ఊరుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇద్దరం కొన్నాళ్లు గడిపాం.

ఆయన పగలు పడుకునేవాడు. నాకు కాలు నిలవదు. పోయి బస్సెక్కేదాన్ని. అక్కడి బస్సుల్లో కండక్టరే ఉండడు. ఎవరికి వాళ్లు కార్డు మిషన్‌కి తాకించి కూర్చుంటారు. నా కడుపు మీద కొట్టేవాళ్లు ముందు అక్కడే పుట్టారన్నమాట! ఒకరోజు చలి ఎక్కువగా ఉందని చీర మీద నా ఖాకీ చొక్కా తొడుక్కుని బయల్దేరాను. బస్సు కిటకిటలాడుతోంది. మలుపులో డ్రైవర్ బ్రేకు కొట్టాడు. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. అంతే, నేనెక్కడున్నానో మర్చిపోయాను. లేచి నిలబడి, చెయ్యి చాపి, ఇరవయ్యేళ్ల అలవాటు కొద్దీ గొంతెత్తి అరిచాను.

"టికెట్, టికెట్! ఇంకా తీసుకోనిది ఎవరండీ? ముందుకి జరగండి, ముందుకి!"

బస్సంతా నన్ను వింతగా చూసింది. కొందరు నవ్వారు. వెనక తలుపు దగ్గర కూర్చున్న ఒకావిడ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. తర్వాతి స్టాపులో దూకినట్టు దిగిపోయింది. సంచి సీట్లోనే వదిలేసింది.

సంచి పట్టుకుని నేనూ దిగాను. పారిపోయే ప్రయాణికుల వెంట పడటం నాకు కొత్త కాదు. సందు చివర మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల దగ్గర దొరకబుచ్చుకున్నాను. ఆమె తెలుగులోనే ఏడుపందుకుంది.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను, వదిలెయ్. మనవాళ్లని పట్టుకోడానికి మనవాళ్లనే పెట్టారంటే నేను నమ్మలేదక్కా."

"ఎవరు పెట్టారమ్మా? నేను కండక్టర్ని. అదీ మా ఊళ్లో!"

చొక్కా మీద డిపో పేరు తెలుగులో చూపించేదాకా ఆమె నమ్మలేదు. నమ్మాక ఇద్దరం ఆ మెట్ల మీదే కూలబడ్డాం. ఆమె కూడా మొగుణ్ణి చూడ్డానికని నాలాగే వచ్చిందట. గడువైపోయినా ఉండిపోయిందట. ఇళ్లలో అంట్లు తోముతోంది.

"మొదట్లో ఏమీ అనిపించలేదక్కా. తర్వాత పన్ను నొప్పొచ్చింది. ఆస్పత్రికెళ్తే కాగితాలడుగుతారు కదా! మా ఆయనే పట్టకారుతో పీకేశాడు." నవ్వింది. పక్కపన్ను లేదు. "రోడ్డు మీద మేమిద్దరం కలిసి నడవం. ఆయన ముందు, నేను బాగా వెనక. పోలీసులు ఒకళ్లని ఆపితే రెండోవాళ్లు తప్పుకోవచ్చు కదా. చూసేవాళ్లకి మేం ఎవరికి ఎవరమో తెలీదు."

చుట్టాలంతా నవ్వుతున్నా నేను పెళ్లి చేసుకున్నది మా ఆయన పక్కన నడవడానికి. టికెట్ ఎక్కడిదాకా ఉందో అక్కడ దిగాలి, ఇంకా పోవాలంటే మళ్లీ తీసుకోవాలి అని కొన్ని వేలమందికి చెప్పి ఉంటాను. కట్టుకున్నవాడికి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. నా మీద నాకే కోపమొచ్చింది.

మధ్యాహ్నం ఆయన లేచీ లేవగానే చెప్పేశాను.

"ఏవండీ, గడువు లోపల నేను వెళ్లిపోతున్నాను. ఈలోపు ఆ దరఖాస్తు మీరు పెడుతున్నారు."

"కాదంటే? మళ్లీ ఒక్కణ్ణే కూర్చుని తినాలా? నా వల్ల కాదే." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి.

"దొంగలా ఉంటే మీ పక్కన కూర్చుని తినేది కూడా తలుపేసుకునే తినాలి. అది నా వల్ల కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? లేవండి."

అప్పటికప్పుడు యజమాని దగ్గరికి తీసుకెళ్లాను. యజమాని పిండి పిసుకుతున్నాడు. మావారు గొంతు సవరించుకుని రెండు మాటలు మింగేశారు. ఇక లాభం లేదని నేనే తెలుగులో అందుకున్నాను. ఇన్నేళ్లుగా మీ పొయ్యి ఆరకుండా చూసుకున్న మనిషికి ఒక్క కాగితం రాసివ్వలేరా అని అడిగాను. నేను మామూలుగానే అడిగాననుకున్నాను. కొట్టులో ఉన్న ఇద్దరు రొట్టెలు కొనకుండానే వెళ్లిపోయారు.

"మీ ఆవిడ ఏమంటోంది?" అన్నాడట యజమాని.

"నాకు ఇక్కడ ఉద్యోగం ఉందని రాసివ్వమంటోంది."

"ఇంతేనా? కొట్టు ఖాళీ చెయ్యమంటోందేమో అనుకున్నాను!"

పిండి చేత్తోనే రాసిచ్చాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిదని ఎవరూ అనలేదు గానీ, పెద్దదైనా పనులు జరుగుతాయి.

ఆ తర్వాత రోజూ ఆయన సగం నిద్ర చంపుకుని నాతో ఇళ్లు వెతికాడు. చివరికి లాండ్రీ వెనక ఒక గది, చిన్న వంటిల్లు కుదిరాయి. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడే కనిపిస్తుంది. అయినా కిటికీ కిటికీయే.

నా ప్రయాణానికి ముందురోజు ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. గుమాస్తా ఒక నడివయసు ఆవిడ. ఆమె అడిగినదల్లా ఆయన నాకు తెలుగులో చెప్తున్నాడు.

"ఇది తేలేదాకా మీ భార్య మీ దేశంలోనే ఉండాలి. ఎప్పుడు వెళ్తున్నారు?"

ఆ ప్రశ్న నాకు చెప్పి ఆయన తల దించుకున్నాడు. వాళ్ల భాషలో 'రేపు' అనే మాట నాకొచ్చు. నేనే చెప్పాను. ఆవిడ తలెత్తి నన్నోసారి చూసింది. ఎప్పటికి తేలుతుందో చెప్పలేమని, ఇవ్వకపోవచ్చు కూడా అని చెప్పి ముద్ర వేసింది.

బయటికొచ్చాం. ఆయన నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

"ఇవ్వకపోతే?"

"మళ్లీ అడగండి."

"మళ్లీ ఇవ్వకపోతే?"

"అప్పుడు మీరే రండి. రొట్టె ఎక్కడైనా కాలుతుంది."

కాగితాలిచ్చేది వాళ్లే కావచ్చు, కానీ నాకు కావాల్సిన జవాబు ఈయన దగ్గరుంది. కుదరదంటే ఈ కాపురం ఇక్కడితో సరి. ఆయన ముద్ర వేసిన కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చేస్తానే," అన్నాడు చివరికి. "వాళ్లు కాదంటే నేనే వచ్చేస్తాను. యజమానికి కూడా నేనే చెప్తాను. నువ్వు అరవక్కర్లేదు."

ఆ మాట ఆయన తనంతట తానే అన్నాడు. పక్కనుంచి నేను అందించలేదు. నడిరోడ్డు మీద, వచ్చేపోయేవాళ్లంతా చూస్తుండగా ఆయన చెయ్యి పట్టుకుని బావురుమన్నాను. మర్నాడు విమానమెక్కేటప్పుడు మాత్రం ఏడవలేదు.