ఒక వాక్యంలో పదకొండేళ్లు

"గ్రేస్ జీవిత చరిత్ర రాసుడైందా, ప్రేమా? ఒక పేజీ దాటనియ్యకు. పాస్టర్ గారు మళ్ల నెక్కొండకు పోవాలంట."

భర్త డేవిడ్ ఈ మాట అన్నప్పుడు ప్రేమలత నేలమీద కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీస్తోంది. ఆదివారం సాయంత్రం చెల్లెలు గ్రేస్ పోయిన నలభై దినాల జ్ఞాపకార్థ కూడిక. వచ్చినవాళ్లందరికీ పలావు పెట్టాలి. గోళ్ల సందుల్లో మంటగా ఉంది. "రాస్తాన," అంది. రాస్తున్నది నిజమే. ఒక పేజీలో పట్టడం లేదన్నదీ నిజమే.

వాళ్ల సంఘంలో ఎవరు పోయినా కూడికలో ఆ మనిషి జీవిత చరిత్ర చదవడం ఆనవాయితీ. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెళ్లి, పిల్లలు, ప్రభువులో నిద్రించిన తేదీ. ప్రేమలత వర్ధన్నపేట హైస్కూల్లో తెలుగు టీచరు కాబట్టి ఆ రాత పని పెళ్లయిన నాటి నుంచీ ఆమెదే. చదవడం సంఘ కార్యదర్శి డేవిడ్‌ది. "డేవిడ్ గారూ, ఏం రాసిన్రు సార్, కండ్లల్ల నీళ్లు తిరిగినయి," అని భోజనాల దగ్గర ఎవరో ఒకరు అంటారు. ఆయన రుమాలుతో మూతి తుడుచుకుని చిన్నగా నవ్వుతాడు. ఆమె రాసిందని ఎన్నడూ చెప్పలేదు, తాను రాశానని కూడా అనలేదు. ఆ చదివే సమయానికి ఆమె ఎప్పుడూ హాలు వెనక రేకుల షెడ్డులో, పలావు ఉడికే పెద్ద గంజు దగ్గర ఉంటుంది. ఇన్నేళ్లలో తాను రాసిన మాటలు మైకులో ఎలా వినిపిస్తాయో మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా వినలేదు. మసాలా వేసే వేళా, చదివే వేళా ఒకటే.

చెల్లెలు పోయాక హైదరాబాదులోని అద్దె ఇల్లు ఖాళీ చేయించి సామాను తెచ్చింది డేవిడే. ఆ మాట ఒప్పుకోవాలి. సెలవు పెట్టి పోయాడు, ఓనరుతో మాట్లాడాడు, గ్రేస్ బట్టలు మడత చెడకుండా తెచ్చాడు. ఆ సామానులో ఒక నల్లటి అట్టపెట్టె ఉంది. మూతమీద కత్తిరించిన జుట్టుతో ఒక తెల్ల అమ్మాయి, నోరు బార్లా తెరిచి అరుస్తోంది. లోపల నాలుగు సీడీలు, ఒక సన్నని పుస్తకం. నెల్ బ్రానిగన్ అనే ఆమె జీవితకాలంలో పాడినవన్నీ ఏరి కూర్చిన సంకలనం.

గ్రేస్ ఫోన్లో ఎప్పుడో చెప్పింది. "పంక్ అంటరక్కా దీన్ని. గిటార్ మీద మూడు పట్లు వస్తే చాలు, కార్డ్స్ అంటరు. గొంతు మంచిగుండాల్నని లేదు. చెప్పే మాట ఉండాలె, చెప్పేటందుకు భయం ఉండొద్దు. ఈమె కవయిత్రి అక్కా, పాటలు పాడదు, పద్యాలే ఒర్లుతది." అప్పుడు ప్రేమలత పోపు వేస్తోంది. "మళ్ల చేస్తనే," అని పెట్టేసింది. మళ్లీ చేసినప్పుడు ఆ సంగతి అడగలేదు.

ఇంట్లో సీడీలు పెట్టే మిషను లేదు. పోర్టికోలోని పాత కారులో ఉంది. కారు ఆదివారం చర్చికి తప్ప కదలదు. డేవిడ్ ఆఫీసుకు బండి మీద పోతాడు. ప్రేమలతకు డ్రైవింగ్ రాదు. నేర్చుకుంటానంటే "నేనున్న గదా" అన్నాడు, ఆ ముచ్చట అక్కడితో అయిపోయింది. కానీ తాళం ఒక మెట్టు తిప్పితే పాటలు వస్తాయని తెలుసు. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఇల్లు చేరి, అత్తమ్మకు అన్నం పెట్టి, ఆమె కునుకు తీశాక ప్రేమలత కారులో కూర్చుంది. పక్కింటివాళ్లకు వినబడకుండా అద్దాలు ఎక్కించింది. లోపల కొలిమిలా ఉంది.

మొదటి పాటకు ఉలిక్కిపడి సౌండ్ తగ్గించింది. డ్రమ్ములు మీద పడ్డాయి. ఆ గొంతు పాడడం లేదు, ఉమ్ముతోంది. పుస్తకంలోని మాటలమీద వేలు పెట్టుకుని, తెలిసిన ఇంగ్లీషుతో మెల్లగా పోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. చేపలు డబ్బాలకెక్కించే ఫ్యాక్టరీ ఊరు. అమ్మ చేతుల వాసనకు బస్సులో మనుషులు సీటు మారారట. "మారండి, మారండి, ఇప్పుడు ఆ కిటికీ మాది," అని ఆ పిల్ల అరుస్తోంది. ప్రేమలతకు డోర్నకల్ రైల్వే క్వార్టర్లు గుర్తొచ్చాయి. వాళ్ల నాన్న యోసేపు పట్టాల పనిలో ఉండేవాడు. గూడ్సు బండి పోతున్నంతసేపూ గ్రేస్ గోడెక్కి నిలబడి గొంతు చించుకుని ఏదేదో అరిచేది. బండి పోయాక నోరు మూసేది. "ఏమన్నవే?" అని అడిగితే "బండికి చెప్పిన, నీకు గాదు," అనేది. చిన్నప్పుడు అది అల్లరి అనుకుంది.

రోజుకు కొంచెం చొప్పున విన్నది. రెండో డిస్కులో డ్రమ్ములు వెనక్కి పోయి మాటలు ముందుకొచ్చాయి. మూడోది జనం ముందు పాడింది. మధ్యలో ఒక మగవాడు "కొంచెం నవ్వు పిల్లా!" అని కేకేస్తాడు. నెల్ ఆగిపోతుంది. తర్వాత ఆ మాటనే అందుకుంటుంది. నవ్వు, నవ్వు, నవ్వు. మొదట జనం నవ్వుతారు. అనగా అనగా ఆ మాటలోంచి నవ్వు ఎక్కడికో పోయి, వినేవాళ్ల ఒంటిమీద రోమాలు లేస్తాయి. చివరికి హాలులో ఒక్కడూ నవ్వడు. కారులో ప్రేమలత అది రెండుసార్లు పెట్టుకుని విన్నది. ఆ పొద్దున్నే స్టాఫ్ రూములో హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు అన్నాడు: "ప్రేమలత మేడం, జర నవ్వుండ్రి. మీ సిస్టర్ పోయి నెల దాటింది గదా. పిల్లలు బయపడ్తాండ్లు." అని, అదే ఊపిరిలో, "ఎంఈవో గారు తనిఖీకొస్తాండు, చాయ్ సంగతి జర మీరు జూడుండ్రి." ఆమె నవ్వింది. చాయ్ సంగతీ చూసింది.

నాలుగో డిస్కుకు ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. గ్రేస్ అక్కడిదాకా రాలేదు. విప్పే ముందు ప్రేమలత పుస్తకం తిరగేసింది. మూడో డిస్కుకూ నాలుగోదానికీ మధ్య పదకొండేళ్లు ఉన్నాయి. ముందరి ఏళ్లకు పేజీలకు పేజీలు రాసినవాడు ఆ పదకొండేళ్లకు ఒకటే వాక్యం రాశాడు: పెళ్లి చేసుకుని, పిల్లలను పెంచుతూ, ఈ కాలంలో ఆమె ఏమీ రికార్డు చేయలేదు. అంతే. కింద కొత్త పేరా, కొత్త సంవత్సరం.

ప్రేమలత ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. అది ఆమెకు పాత చుట్టం. వాళ్ల సంఘంలోని మొగిలమ్మ పోయినప్పుడు ప్రేమలత రాసింది: మొగిలమ్మ కూలికి పోయి వచ్చి, చర్చి గిన్నెలు తోమి, తాగొచ్చిన భర్త తలుపు తీయని రోజుల్లో చర్చి వరండాలోనే పడుకుని, తెల్లారి అదే వరండా ఊడ్చేది. డేవిడ్ ఆ నాలుగు వరుసలూ కొట్టేసి పైన రాశాడు: "వివాహానంతరం గృహిణిగా తన బాధ్యతలు నమ్మకంగా నిర్వర్తించారు." ఆ తర్వాత ఎందరు ఆడవాళ్లు పోయినా ప్రేమలత ఏదో రాసేది, ఆయన అదే వాక్యం పెట్టేవాడు. సముద్రాల అవతల ముక్కూ మొహం తెలియని వాడొకడు కూడా సరిగ్గా దాన్నే పెట్టాడు. ఇన్ని దేశాల ఆడవాళ్లను పూడ్చడానికి ఒకటే వాక్యం సరిపోతోంది.

ప్లాస్టిక్ చింపి నాలుగోది పెట్టింది. ముదిరి బొంగురుపోయిన గొంతు. డ్రమ్ములు లేవు. మధ్యలో దగ్గుతుంది, దగ్గును తీసేయలేదు. "నా చేతులు నన్నడగకుండానే గిన్నెల దిక్కు పోతాయి. పిలిచి తెచ్చుకుంటున్నాను, చెయ్యీ చెయ్యీ రా," అంటుంది. ఒకచోట తనలో తాను నవ్వుతుంది, ఎవరూ నవ్వమనకుండానే. గ్రేస్ గొంతు ఇలా ముదిరితే ఎలా ఉండేదో అన్న ఆలోచన వచ్చి, తాళం వెనక్కి తిప్పడం మరిచి, కారు దిగి, మొహం కడుక్కుని చాయ్ పెట్టింది.

శుక్రవారం నాడు డేవిడ్‌కు రెండు పేజీలు ఇచ్చింది. శనివారం అవి వంటింటి గట్టుమీదికి తిరిగి వచ్చాయి. "అక్షరం మంచిగ ఫెయిర్ చెయ్యి," అన్నాడు. ఎర్ర గీతలు. గ్రేస్ పెళ్లిలోంచి రెండేళ్లకు బయటికొచ్చిందన్నది లేదు. హైదరాబాదులో పొద్దంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి, సెలవు రోజుల్లో గిటార్ వాయించే స్నేహితులతో కలిసి తన తెలుగు పద్యాలు అరిచేదన్నది లేదు. దవాఖానలో నర్సులను నవ్వించడానికి కీర్తనలు రాగం తప్పి పాడిందన్నది లేదు. మిగిలింది: "కొంతకాలం గృహిణిగా తన బాధ్యతలు నమ్మకంగా నిర్వర్తించి, తదుపరి ఉద్యోగరీత్యా హైదరాబాదులో నివసించారు."

"ఇది ఎందుకు కొట్టేసిన్రు?"

"ఏది?"

"పాడేదన్నది."

"పాటనా అది? ఫోన్ల నాకు గూడ చూపెట్టిందొకసారి. లొల్లి. పాస్టరమ్మ అడిగితే ఏం చెప్పాలె?"

"పాడేదని చెప్పాలె."

"జర సమజ్ చేస్కో ప్రేమా. పిల్ల పోనే పోయింది. దాని పరువన్న మిగలనీ. దాని మంచికే అంటాన నేను."

ఆయన గొంతులో కోపం లేదు. కోపానికి ఎదురు నిలబడొచ్చు, మంచితనానికి ఎక్కడ నిలబడాలో ఇన్నేళ్లలో దొరకలేదు. జనవరిలో దవాఖానలోంచి గ్రేస్ "రెండ్రోజులు వచ్చి ఉంటవా అక్కా?" అని అడిగినప్పుడు కూడా ఇదే మెత్తని గొంతుతో, "పో, ఎవలొద్దన్నరు? అమ్మకు కంటి ఆపరేషనైంది, నీకు టెన్త్ స్పెషల్ క్లాసులున్నయి, నువ్వే ఆలోచించు," అన్నాడు. ఆలోచించింది. పోలేదు.

మంచం మీదినుంచి అత్తమ్మ దీనమ్మ అందుకుంది. "మొగణ్ణి ఇడిసొచ్చింది గూడ రాసినవా ఏంది బిడ్డా? ఓ యేసయ్యా! గంత సదువు సదివి ఏం రాయాల్నో ఎర్కలేకపాయె."

"ఎర్కున్నదే రాసిన అత్తమ్మా."

ఆదివారం పొద్దున కారు స్టార్ట్ కాలేదు. డేవిడ్ తిప్పి తిప్పి దిగాడు. "బ్యాటరీ డౌనైంది. ఎవలు ముట్టిన్రు?"

"నేనే. పాటలు విన్న."

"కార్లనా?" దీనమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "ఇంట్ల జాగ లేకనా? ఎండల కార్ల గూసోని పాటలు ఇనే ఆడిదాన్ని నా జన్మల జూడలే."

"నేను గూడ చూడలే అత్తమ్మా. గందుకే గూసున్న."

డేవిడ్ ఆరాధనకు ఆలస్యమవుతోందని ఆటో పిలిచాడు. ఆటోలో తల్లికీ భార్యకీ మధ్య ఇరుక్కుని, "ఫెయిర్ చేసినవా?" అని అడిగాడు. "సాయంత్రం చూద్దాం," అంది ప్రేమలత. ఆయన అది అయిందనే అర్థం చేసుకున్నాడు.

సాయంత్రానికి హాలు నిండింది. ఎదురుగా గ్రేస్ ఫోటో, ఎవరో ఎంచిన పాత ఫోటో, చీర కొంగు నిండుగా కప్పుకున్నది. వెనక షెడ్డులో పొయ్యిమీద పలావు గంజు. ప్రేమలతా, సోమక్కా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ చెమటలు కక్కుతున్నారు. ప్రార్థన అయింది. కీర్తన అయింది. మైకులో పాస్టరు గారి గొంతు వినిపించింది: "ఇప్పుడు మన సహోదరి జీవిత చరిత్రను సంఘ కార్యదర్శి డేవిడ్ గారు చదివి వినిపిస్తారు."

డేవిడ్ లేచి కాగితం కోసం వెనక తలుపు వైపు చూశాడు. ప్రేమలత తెడ్డు సోమక్క చేతికిచ్చి, కొంగుతో మెడ తుడుచుకుని హాలులోకి నడిచింది. చెప్పులు బయటే ఉన్నాయి, బండ చల్లగా తగిలింది. మగవాళ్ల వరస దాటింది. డేవిడ్ చెయ్యి చాచాడు.

"కాయితమేది?"

"లేదు. ఫెయిర్ చెయ్యలే."

"మరి?" ఆయన గొంతు తగ్గించాడు. "ప్రేమా, అందరు జూస్తాండ్లు."

"చూడనీయుండ్రి. మీరు కూసోండ్రి."

ఆయన కూర్చోలేదు, అడ్డూ రాలేదు. మైకు ఆయన ఎత్తుకు పెట్టి ఉంది. ఆమె దాన్ని కిందికి వంచింది, అది కీచుమంది. నోరు తెరిచేలోపే వెనక తలుపులోంచి సోమక్క కంగారుగా కేకేసింది.

"ప్రేమక్కా! జల్ది రా, అడుగంటుతాంది!"

అలవాటుగా కాలు ఒక అడుగు వెనక్కి పడింది. ఆమె దాన్ని మళ్లీ ముందుకు తెచ్చుకుంది. తర్వాత మొదటిసారి తన గొంతు ఆ హాలంతా మోగడం తానే విన్నది.

"అంటనీ సోమక్కా. పొయ్యి బంద్ జేసి మీరందరు లోపటికి వచ్చి కూసోండ్రి. మీరొచ్చినంకనే మొదలువెడ్త."