కాఫీ డబ్బాకు పడ్డ చిల్లు

చిగుసా పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. బల్ల దగ్గరికి వెళ్ళి పెట్టె మూత తీస్తుంది, లోపలున్న పిస్తోలును చూస్తుంది, మూత వేస్తుంది, మళ్ళీ గేటు దాకా నడుస్తుంది. రాత్రి పడ్డ మంచు వెదురాకుల మీద ఇంకా తెల్లగానే ఉంది. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. చిబాలో ఫిబ్రవరి ఎప్పుడూ ఇంతే అయినా, ఈ ఒక్క ఆదివారం కాస్త ఎండ కాస్తే ఏం పోయిందని ఆమె బాధ.

"కూర్చోవే అమ్మాయ్. నువ్వు తిరిగినంత మాత్రాన ఎండ రాదు," అంది ఇసొనో. రెండు జట్లు ప్లాస్టిక్ గుండ్లతో కాల్చుకుంటూ అవతలివాళ్ళ జెండా పట్టుకునే ఆటకు అడవిలో ఏర్పాటు చేసిన ఆ ఆటస్థలం ఆవిడదే. ఆటకు వచ్చేవాళ్ళ బొమ్మ తుపాకులన్నిటినీ ఆవిడే పరీక్షించి, చట్టం చెప్పిన హద్దులో ఉంటే ఆ రోజుకు ఒక పచ్చ పట్టీ అంటిస్తుంది. పట్టీ లేని తుపాకీ ఆవిడ కళ్ళు గప్పి లోపలికి పోలేదు.

"గ్యాస్‌కి చలంటే పడదు కదండీ," అంది చిగుసా.

"నాకూ పడదు. నేను తిరుగుతున్నానా?"

చిగుసా నవ్వలేకపోయింది. కోటు లోపలి జేబు తడుముకుంది. అక్కడ పిస్తోలు పిడిలో దూర్చే మ్యాగజైన్ ఒకటి ఉంది. గ్యాసూ, ప్లాస్టిక్ గుండ్లూ రెండూ నిండేది అందులోనే. గుండును తోసేది ఆ గ్యాసే, చల్లబడితే దాని జోరు తగ్గుతుంది. దాన్ని చేతులు కాచుకోవడానికి అమ్మే రెండు వేడి పొట్లాల మధ్య పెట్టి, ఉన్ని మఫ్లర్‌తో చుట్టి, రైలెక్కినప్పటి నుంచి ఒంటికి ఆనించుకునే ఉంది. చలికాలంలో ఆటగాళ్ళంతా జేబులో ఒక పొట్లం పెట్టుకుంటారు. చిగుసా కంగారు కొద్దీ రెండు పెట్టింది.

కంగారుకు కారణం ఉంది. ఆమె పనిచేసే తొగాషి గారి బొమ్మ తుపాకుల కార్ఖానా నుంచి ఇంతకుముందు వచ్చిన రెండు రకాల పిస్తోళ్ళూ దుకాణాల అరల్లోనే దుమ్ము పట్టాయి. ఈ మూడోదైన పాతకాలపు పోలీసు పిస్తోలు నమూనా కూడా అలాగే అయితే కార్ఖానా తలుపులు మూసెయ్యడమే. తయారైన పెట్టెలు గోదాములో పేర్చి ఉన్నాయి. రేపు సోమవారం బండి వచ్చి ఎత్తుకుపోతుంది. ఈ రోజు బొమ్మ తుపాకుల పత్రికకు రాసే కురహాషి గారు వచ్చి, పిస్తోలు చూసి నాలుగు మంచి మాటలు రాస్తే దుకాణాలవాళ్ళు అడిగి మరీ తెప్పించుకుంటారు. ఆయన పెదవి విరిస్తే ఇక అంతే. కార్ఖానాలో పరీక్షలు చూసేది చిగుసా. ఆమె సరే అన్నాకే పిస్తోలు పెట్టెలోకి వెళుతుంది. వాళ్ళింట్లో ఇంజనీరింగ్ చదివింది ఆమె ఒక్కతే. ఆ చదువుకు తగ్గ ఉద్యోగం ఇది కాదని అన్నయ్య ఇప్పటికీ దెప్పుతుంటాడు. కానీ ఆమెకు ఈ పని ఇష్టం.

కురహాషి పది గంటలకు వచ్చాడు. అరవై దాటిన మనిషి, ముక్కు ఎర్రగా ఉంది. వెనకే తొగాషి గారు, పెళ్ళివారిని తీసుకొస్తున్న పెద్దమనిషిలా వంగి వంగి నడుస్తున్నాడు.

"ఏదయ్యా తొగాషీ, నీ బొమ్మ? వేళ్ళు కొయ్యబారకముందే చూపించు."

కురహాషి చేతులు తుడుచుకుని పిస్తోలు అందుకున్నాడు. కాల్చే ముందు ఆయన చేసే పని అందరికీ తెలిసిందే. ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"మోగట్లేదే! పోయినసారి నువ్విచ్చినదాన్ని మా మనవరాలికి గిలక్కాయగా ఇచ్చేశాను."

"ఈసారి ఇవ్వలేరు, కురహాషి గారూ," అన్నాడు తొగాషి, నవ్వీ నవ్వకుండా.

కురహాషి బొటనవేలి గోటితో పిడి అంచు వెంట నెమ్మదిగా గీశాడు. అచ్చు రెండు సగాలూ కలిసిన చోట గీత తగులుతుందేమోనని. గోరు ఎక్కడా ఆగలేదు. చిగుసా ఆ గోటినే చూస్తోంది. పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడును వెలుతురుకు పట్టి చూశాడు. లోహపు పొడి కలిపిన ప్లాస్టిక్ అది. నిజమైన ఇనుములా చేతికి చల్లగా, బరువుగా తగులుతుంది. స్లైడు వెనక్కి లాగి వదిలాడు. మరలు చూశాడు. ట్రిగ్గర్‌ను నొక్కీ నొక్కకుండా ఆపి, అది పట్టు వదిలే చోటు వేలితో వెతికాడు.

"బాగుంది," అన్నాడు చివరికి. "చేతిలో పెట్టుకుంటే పక్కన పెట్టబుద్ధి కావట్లేదు. సరే, పని కూడా చేస్తుందా, లేక అందమేనా?"

ఇసొనో బల్ల మీద ఉన్న చల్లటి మ్యాగజైన్‌తోనే కాల్చి గుండు వేగం కొలిచింది. యంత్రం డెబ్బై ఒకటి చూపింది. సెకనుకు తొంభై ఎనిమిది మీటర్లు దాటితే నేరం. దీనికింకా బోలెడు దూరం ఉంది. పచ్చ పట్టీ అంటించింది.

ఎదురుగా గట్టు మీద ఖాళీ కాఫీ డబ్బాలు వరుసగా నిలబెట్టారు. కురహాషి కాల్చాడు. మొదటి మూడు గుండ్లూ సరిగానే వెళ్ళాయి. నాలుగోదానికి స్లైడు బద్ధకంగా వెనక్కి వెళ్ళింది. ఆరోదానికి సగంలోనే ఆగిపోయి, ఉస్సుమని తెల్లటి పొగ వదిలింది.

"దీనికి జలుబు చేసిందయ్యా!"

తొగాషి ముఖం వాడిపోయింది. చిగుసా వైపు తిరిగి, "నీ దగ్గరున్నది ఇవ్వు," అన్నాడు మెల్లగా.

"దాచుకోవడం దేనికి? అందరూ చేసేదేగా," అన్నాడు కురహాషి. మ్యాగజైన్ అందుకుని, "అబ్బో! ఇప్పుడే పొయ్యి మీంచి దించినట్టుందే," అన్నాడు.

ఈసారి పిస్తోలు వేరే పిస్తోలైపోయింది. స్లైడు టక్కున వెనక్కి కొట్టి టక్కున వచ్చేస్తోంది. ప్రతి గుండుకీ ఆయన మణికట్టు ఎగురుతోంది. డబ్బాలు ఒకదాని వెంట ఒకటి గట్టు మీంచి పడ్డాయి.

"ఇదీ! ఇదయ్యా పిస్తోలంటే!" అన్నాడు కురహాషి. అరవై దాటిన ఆ ముఖం పండక్కి కొత్త బట్టలు వేసుకున్న పిల్లాడి ముఖంలా వెలిగింది.

తొగాషి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. చిగుసా డబ్బాలు సర్దడానికి పరుగెత్తింది. కాళ్ళు తేలిపోతున్నాయి. మొదటి డబ్బా ఎత్తింది.

డబ్బాకు చిల్లు పడింది.

హద్దులో ఉన్న పిస్తోలు ఇంత దూరం నుంచి ఈ డబ్బాకు సొట్ట పెడుతుంది. చిల్లు పెట్టదు. తన బల్ల దగ్గర ఎన్ని డబ్బాలకు సొట్టలు పెట్టిందో లెక్కలేదు. చిల్లు ఒక్కసారీ చూడలేదు. రెండో డబ్బా చూసింది. దానికీ చిల్లే.

శరదృతువు గుర్తొచ్చింది. వేసవిలో మొదటి నమూనాను ఎండలో పెట్టి చూసినప్పుడు అంతా బాగానే ఉంది. తర్వాత చలి మొదలయ్యాక పిస్తోలు నీరసంగా ఉందని తొగాషి గారు లోపలి వాల్వును మార్పించారు. గ్యాస్ ఎక్కువ వదిలే వాల్వు అది. మార్చినదాన్ని చిగుసా తన గదిలోనే పరీక్షించింది. తొగాషి గారు కరెంటు దగ్గర పిసినారి. ఆ గదిలో హీటర్ ఎప్పుడూ వెలగదు. అంకెలు చక్కగా వచ్చాయి. వెచ్చటి పెట్టెలో పెట్టి మళ్ళీ చూడాలని తెలుసు. రేపు చూద్దాంలే అనుకుంది. తర్వాత అచ్చుల గొడవ వచ్చిపడింది, సరే అని సంతకం పెట్టేసింది.

ఆగస్టు ఎండలో కారులో వదిలేసిన మ్యాగజైన్ ఈ రెండు పొట్లాల కన్నా ఎక్కువే కాగుతుంది.

"ఏమ్మా, డబ్బాలతో కబుర్లా?" అని అరిచాడు కురహాషి.

చిల్లు పడ్డ డబ్బాను కోటు జేబులో కుక్కుకుని, మిగతావాటిని చిల్లులు కనబడకుండా వెనక్కి తిప్పి నిలబెట్టింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు. చేతులు ఆ పని చేసేశాయి.

మధ్యాహ్నం ఆటస్థలంలో అందరికీ పెట్టే కూరన్నమే వాళ్ళకూ పెట్టారు. చిగుసా ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. కురహాషి రెండోసారి వడ్డించుకున్నాడు.

"వచ్చే సంచికలో ముందు పేజీల్లోనే వేయిస్తాను. బొమ్మలన్నీ పెద్దవి."

తొగాషి గారు తన పళ్ళెంలోని ఎర్రటి తీపి ఊరగాయంతా చెంచాతో చిగుసా పళ్ళెంలోకి తోశాడు. ఆ ఊరగాయంటే ఆయనకు ప్రాణమని కార్ఖానాలో అందరికీ తెలుసు.

"సార్, వేసవిలో మనం..." అంది చిగుసా.

"వేసవికి ఇంకోటి చేద్దాం! దీని తమ్ముణ్ణి చేద్దాం!" అన్నాడాయన.

ఆమె ఊరగాయ నమిలి మింగింది. గొంతులో మాట కూడా దాంతోపాటే దిగిపోయింది.

"మధ్యాహ్నం ఆటలో దీన్ని నేను పట్టుకుంటాను," అన్నాడు కురహాషి, పసుపు జట్టు పట్టీ భుజానికి కట్టుకుంటూ. "డబ్బాల మీద అందరూ బాగానే కాలుస్తారు. పరుగెత్తేటప్పుడు చూడాలి. అమ్మాయ్, ఆ వేడి పొట్లాలు కూడా ఇటివ్వు."

ఇవ్వనని అనొచ్చు. పచ్చ పట్టీ పొద్దున చల్లటి మ్యాగజైన్‌తో కొలిచి వేసింది, వేడిదానితో సంగతి వేరు అని చెప్పొచ్చు. తొగాషి గారు పక్కనే నవ్వుతూ నిలబడ్డారు. చిగుసా పొట్లాలు తీసి ఇచ్చింది. ఇచ్చాక అక్కడ నిలవలేకపోయింది. ముఖానికి మాస్కు, కళ్ళజోడు తగిలించుకుని, ఎర్ర పట్టీ కట్టుకుని అవతలి జట్టులో చేరింది.

"నువ్వెక్కడికే?" అన్నాడు తొగాషి.

"కాళ్ళు గడ్డకట్టుకుపోతున్నాయండీ."

ఆట మొదలెట్టమని కూత వేశారు. వెదురు తోపులో మంచు కరిగి నేల చిత్తడిగా ఉంది. చిగుసా ఎర్ర జట్టు వాళ్ళ వెనక కాదు, అందరి కన్నా ముందు వెళుతోంది. ఆమె పక్కనే పల్చటి చొక్కా మీద ఆటకు దిగిన మంగలి ఒకాయన ఉన్నాడు. పొద్దున్నే పరిచయమయ్యాడు. చలి తనకు అంటదని గొప్పలు పోయే మనిషి.

"మెల్లగా అమ్మా! జెండా ఎక్కడికీ పారిపోదు!"

చెక్క గోడ వెనక కురహాషి టోపీ అంచు కనబడింది. మంగలి అది చూడలేదు. నేరుగా అటే వెళుతున్నాడు. చిగుసా ఆలోచించలేదు. అతన్ని దాటి ముందుకు ఉరికింది.

టక్కుమంది. ఎడమ భుజం మీద ఎవరో కాల్చిన చువ్వతో పొడిచినట్టయింది. మందపాటి కోటు, లోపల స్వెట్టర్, అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఈ ఆటలో తగిలిందని తగిలినవాళ్ళే చెప్పాలి. చూసేవాళ్ళు ఉండరు, తీర్పు చెప్పేవాళ్ళు ఉండరు. తగిలినవాడు చెయ్యెత్తి, ఒక్క మాట అరిచి, నోరు మూసుకుని బయటికి నడవాలి. పొదల్లో ఎవరూ చూడనప్పుడు తగిలినా అంతే. అలా చెప్పనివాడితో మళ్ళీ ఎవరూ ఆడరు.

"హిట్!" అని అరిచింది చిగుసా. కుడి చెయ్యి పైకెత్తింది.

బయటికి నడిచింది. తగిలినవాళ్ళు కూర్చునే చోటికి అడ్డంగా కట్టిన తాడు దాటాక చెయ్యి దించొచ్చు. ఆమె దించలేదు. అలాగే ఇసొనో బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏమైందే? తాడు దాటావుగా, దించు చెయ్యి."

"ఆట అవ్వగానే మా పిస్తోలు మళ్ళీ కొలవాలండీ. ఆ వేడి మ్యాగజైన్‌తోనే. చల్లారకముందే."

ఇసొనో ఆమె ముఖం చూసింది. ఆట ఆపడానికి ఊదే కొమ్ము తీసి ఊదేసింది.

కురహాషి రొప్పుతూ వచ్చాడు. "ఏంటీ, అప్పుడే ఆపేశారు? నా చేతిలో నలుగురు పోయేవాళ్ళు! పాపం నువ్వే ముందు దొరికావు. ఎక్కడ తగిలిందమ్మా?"

తొగాషి పరుగున వచ్చాడు. "పొద్దున కొలిచారుగా? మళ్ళీ దేనికి?"

ఇసొనో యంత్రం ముందు పిస్తోలు పట్టి కాల్చింది. నూట నాలుగు. మళ్ళీ కాల్చింది. నూట మూడు.

"పొయ్యి మీద పెట్టి కాలిస్తే రాదా?" తొగాషి గొంతు పెరిగింది. "ఎవడు ఆడతాడు ఇంత వేడి పెట్టుకుని?"

"ఆగస్టులో అందరూ, సార్."

చిగుసా జేబులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. చిల్లు అందరి వైపూ చూసింది. "వాల్వు మార్చాక చల్లటి గదిలోనే చూసి నేను సరే అన్నాను. వేడిలో చూడలేదు. తప్పు నాది. ఇది ఇలాగే అమ్మితే, వేసవిలో పోలీసులు పట్టుకునేది మనల్ని కాదు సార్, కొనుక్కున్నవాణ్ణి. వాడికి ఏమీ తెలియదు. బొమ్మ అనుకునే కొంటాడు."

తొగాషి డబ్బాను చేతిలోకి తీసుకుని చిల్లు మీద చిటికెనవేలు ఆనించి చూశాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"డబ్బాలు సర్దేటప్పుడు."

"అయితే అన్నం తినేటప్పటికే తెలుసు."

"తెలుసు."

"తెలిసి నా ఊరగాయ తిన్నావు."

చిగుసా తల దించుకుంది. నోట్లో ఆ తీపీ ఉప్పూ ఇంకా ఉన్నాయి.

కురహాషి మాస్కు తీసి మెడలో వేసుకున్నాడు. ఎర్ర ముక్కు తుడుచుకున్నాడు. "ఈ నెల నేనేమీ రాయను తొగాషీ. రాస్తే ఇప్పుడు చూసినదంతా రాయాలి. పాత వాల్వు పెట్టి తీసుకురా, అప్పుడు రాస్తాను. జలుబు పిస్తోలనే రాస్తాను, అది మాత్రం ముందే చెబుతున్నా."

హద్దు దాటిన తుపాకీని ఇసొనో నల్ల సంచిలో కట్టి, యజమాని ఇంటికి వెళ్ళేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆవిడ సంచి తీసింది. తొగాషి చెయ్యి చాపి ఆ సంచి తనే తీసుకున్నాడు. పచ్చ పట్టీని గోటితో గీకి గీకి ఊడదీశాడు. గ్యాస్ వదిలేసి, గుండ్లు దులిపేసి, పిస్తోలును సంచిలో పెట్టి మూతి కట్టాడు. కట్టేటప్పుడు పిడి మీద ఒకసారి బొటనవేలు ఆనించాడు.

"పాత వాల్వులు ఉన్నాయా?" అన్నాడు ఆమె వైపు చూడకుండా.

"కొన్ని ఉన్నాయి. మిగతావి చేయించాలి."

"పెట్టెలన్నీ విప్పాలి."

"నేను విప్పుతాను సార్."

"నువ్వే విప్పాలి," అన్నాడాయన. "నువ్వూ, నేనూ."

రేపటి బండి ఆపమని చెప్పడానికి ఫోన్ తీశాడు. ఎవరూ ఎత్తినట్టు లేదు. మళ్ళీ కలిపాడు. చెవికి ఆనించుకుని గేటు దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ గేటు దాకా నడిచాడు. కార్ఖానా నిలుస్తుందో లేదో ఆ నడకను బట్టి చెప్పలేం.

"కూర్చోవే," అంది ఇసొనో. ఈసారి చిగుసా కూర్చుంది. ఆవిడ తన నడుముకు కట్టుకున్న వేడి పొట్లం ఒకటి విప్పి, ఆమె ఎడమ భుజం మీద పెట్టబోయి, ఆగి, గట్టు కింద మిగిలిన మంచు గుప్పెడు తీసుకొచ్చి అక్కడ అద్దింది.

తొగాషి మూడోసారి వెనక్కి వచ్చినప్పుడు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆగాడు.

"బాగా నొప్పిగా ఉందా?"

"ఉంది సార్."

ఆయన తల ఊపి, మళ్ళీ గేటు వైపు నడిచాడు.