పాల పైసలతో కొన్న ఫోను

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. ఈ ఫోను నా దగ్గర ఉండిపోయినందువల్ల రుక్కి బిడ్డ ప్రాణం మీదికి వస్తుందేమోనని.

రుక్కిది మా గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు. మాది నెల్లికుదురుకు ఆవల, రోడ్డు దిగి చాలా దూరం నడవాల్సిన తండా. ఇద్దరం ఒకే ఏడు ఇక్కడికి కోడళ్లుగా వచ్చాం. ఒకే ఎండాకాలంలో ఆడపిల్లల్ని కన్నాం. నేను నా బిడ్డకు నీరజ అని పేరు పెట్టుకున్నాను. రుక్కి బిడ్డకు పేరు లేదు. తెలంగాణ వచ్చిన రోజే పేరు పెడతానని వాళ్ల నాయిన టీక్యా మొండికేశాడు. అతను భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీ. అక్కడ ఏ మీటింగు జరిగినా ముందు వరసలో కూర్చునేవాడట. ఇళ్లలో మేం మాట్లాడుకునేది మా లంబాడీ మాటే. నేను చదివింది ఎనిమిదో తరగతి దాకా. రాయడం వచ్చింది తెలుగులోనే కాబట్టి అందరి మాటలూ తెలుగులోనే రాస్తున్నాను.

సకల జనుల సమ్మె జరిగిన ఏడాది అది. సమ్మెకు కొన్ని నెలల ముందు ఒక సంస్థ వాళ్లు మా తండాకు వచ్చారు. పేరు రాయను. ఏడాది లోపు పిల్లలున్న తల్లులకు నెలనెలా చేతికే పైసలు ఇస్తామన్నారు. బియ్యం కాదు, పప్పు కాదు, పైసలే. "మీ పిల్లకు ఏం కావాల్నో మాకంటె మీకే ఎరుక" అన్నది వాళ్లే. ఆ మాట నేను మరిచిపోను. మేం వాటికి పాల పైసలని పేరు పెట్టుకున్నాం.

ఒకామె ఉయ్యాల మీద కారే కప్పుకు రేకు వేయించింది. ఇంకొకామె కుదువబెట్టిన వెండి కడియాలు విడిపించుకుంది. మా అత్త గంగి, నా పైసలు నా చేతిలో పడకముందే, సూది మందు వేసే డాక్టరుకు పాత బాకీ కట్టింది. నాకు కోపమొచ్చింది. "బాకీ ఉంటె పిలిచినా రాడే పిచ్చిదానా" అంది. ఆమె అన్నది నిజమే.

రుక్కి మాత్రం ఫోను కొన్నది.

చిన్న ఫోను. నెత్తిన టార్చిలైటు ఉంటుంది. నెల్లికుదురు అంగడికి పోయి తెచ్చి, కుంకుమ బొట్టు పెట్టి, ఇంటింటికీ తిప్పి చూపించింది. మా తండాలో కొత్త వస్తువు ఏదొచ్చినా అంతే, నలుగురి చేతులూ తగలాలి. మా అత్త అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"దీంట్ల కెల్లి పాలు కారుతయా రుక్కీ?"

"కారయి అత్తా. పిల్లకు వాళ్ల నాయిన గొంతన్న ఇనపడుతది."

"వాని గొంతు ఇని నేర్చుకునేదేముంది? జై తెలంగాణ తప్ప వానికి ఇంకో మాటొస్తదా?"

"అదే నేర్సుకుంటది. నీకేం కష్టం?"

అందరం నవ్వాం. మా ఇళ్లల్లో సిగ్నలు దొరకదు. బోరింగు దగ్గరికి పోతేనే దొరుకుతుంది. సాయంత్రం రుక్కి బిడ్డను చంకనేసుకుని బోరింగు గద్దె మీద కూర్చుంటే, టీక్యా అక్కడి నుంచి పిల్లను పలకరించేవాడు. హైదరాబాదులో సెంట్రింగు పని చేసే మా ఆయన కూడా ఆ ఫోనుకే చేసేవాడు. తండాలో సగం మందికి అదే నంబరు.

సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బడులు మూతపడ్డాయి. గనులు కూడా ఆగేసరికి టీక్యాకు కూలి లేదు, ఇంటికి రావడానికి బస్సూ లేదు. బొగ్గు లేక కరెంటు కూడా పోయింది. వచ్చిన కాసేపట్లోనే ఫోను చార్జింగు పెట్టుకోవాలి. ఎవరం విసుక్కోలేదు. మన రాష్ట్రం కోసమే కదా అనుకున్నాం.

ఒకరోజు పట్టపగలు నీరజకు జ్వరం ఎక్కింది. తడిగుడ్డ వేస్తున్నాను, అంతలో కళ్లు పైకి పోయాయి. పళ్లులేని చిగుళ్లు బిగుసుకున్నాయి. చేతులు కొట్టుకుంటున్నాయి. నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. మా అత్త తాళపుచెవుల గుత్తి తెచ్చి పిల్ల గుప్పిట్లో పెట్టింది. ఉల్లిగడ్డ చితకొట్టి ముక్కు దగ్గర పెట్టింది. మా అత్త బాకీ కట్టిన డాక్టరు సమ్మె దీక్షలో కూర్చున్నాడు. రుక్కి మాత్రం తన బిడ్డను మా అత్త ఒడిలో పడేసి, ఫోను పట్టుకుని బోరింగు దగ్గరికి పరుగెత్తింది. నూటెనిమిదికి ఆమే చేసింది. తండా పేరు, దారి, అన్నీ ఆమే చెప్పింది.

అంబులెన్సు వచ్చింది. రుక్కి కూడా ఎక్కింది. నెల్లికుదురు దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, టైర్లు. అక్కడ కూర్చున్నవాళ్లు హారన్ విని లేచారు. "పాపకు ఫిట్సొచ్చినయట, జరుగుండ్రి, జరుగుండ్రి!" అంటూ ఆ రాళ్లను వాళ్లే దొర్లించారు. ఒక పెద్దమనిషి లోపలికి తొంగి చూసి, "భయపడకు బిడ్డా, ఏంగాదు" అన్నాడు. మానుకోట దవాఖానలో సూది వేశాక నీరజ ఏడ్చింది. ఆ ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఇంకాస్త లేటైతే చెప్పలేకపోయేవాణ్నని, మళ్లీ జ్వరమొస్తే మళ్లీ రావొచ్చని డాక్టరు అన్నాడు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. పిల్ల నుదురు మీద చెయ్యి పెట్టి తీయడం, పెట్టి తీయడం, అదే పని.

తర్వాత కొన్నాళ్లకు రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. తండా నుంచి ఇంటికి సోలెడు బియ్యం పట్టుకుని ఆడవాళ్లమంతా పోయాం. కర్రల పొయ్యిల మీద పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. అక్కడ మైకులో మాట్లాడిన సారును చూసి రుక్కి నా మోచేయి పొడిచింది. "పాల పైసల సారు గదా!" అవును, వీరేందర్ సారే. జనగామ ఆయన. మాకు పైసలిచ్చే సంస్థలో ఆయనే పెద్ద.

ఏం మాట్లాడాడు ఆయన! "మన నిధులు మనకియ్యాలె. అవి ఎట్ల ఖర్చు పెట్టుకోవాల్నో మాకెరుక. మా పైసలకు లెక్క అడగనీకి వాళ్లెవరు? మనం బిచ్చగాళ్లమా? మనకు తెలివి లేదా?" అన్నాడు. నీరజ చంకలో ఉంది, నాకు చప్పట్లు కొట్టడానికి చేతులు లేవు. అందుకే గొంతు పోయేలా జై కొట్టాను.

ఆ మర్నాడే ఆయన జీపు మా తండాకు వచ్చింది. దారిలో ఎవరూ ఆపకుండా అద్దానికి జై తెలంగాణ కాగితం అతికించి ఉంది. పాల పైసలు దేనికి ఖర్చు పెట్టారో ఇంటింటికీ తిరిగి చూస్తారట, ఫోటోలు తీస్తారట.

బుచ్చి అని మా వాడకట్టులో ఒకామె ఉంది. ఆమెకు ఈ కబురు ముందే తెలిసినట్టుంది. నెల్లికుదురు దుకాణంలో పాలపిండి డబ్బా ఒకటి, సీలు తీయనని ఒట్టు పెట్టి, చేబదులు తెచ్చింది. సారు ఆమె ఇంట్లో ఫోటో తీసి గడప దాటగానే, ఆ డబ్బా పెరటి గోడ మీది నుంచి పక్కింటికి పోయింది. అక్కడి నుంచి ఆ పక్కింటికి. సారు వాకిట్లోంచి నడుస్తుంటే డబ్బా పెరట్లోంచి నడిచింది. ప్రతి ఇంట్లోనూ ఆ డబ్బా పక్కన నిలబడ్డ తల్లిని ఫోటో తీసి "శభాష్" అన్నాడు.

డబ్బా రుక్కి ఇంటికి కూడా వచ్చింది. "నాకెందుకే, నాకు ఫోనున్నది" అని ఆమె దాన్ని నా చేతికిచ్చి పంపించేసింది. సారు వస్తున్నాడని ఫోనును తుడిచి, కొత్తగా కుంకుమ బొట్టు పెట్టింది. చాయి గ్లాసుతో పాటు పళ్లెంలో పెట్టి తెచ్చింది. ఆయన పైసలతో కొన్నది కదా, ఆయన చెయ్యి కూడా తగలాలని.

సారు చాయి ముట్టలేదు. "ఇదేంది?" అన్నాడు.

"ఫోను సారూ. మీరిచ్చిన పైసలతోటే కొన్న."

"పాలడబ్బా ఏది?"

"పాలు నా తాన్నే ఉన్నయి గద సారూ."

వాకిట్లో ఉన్న ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. సారు నవ్వలేదు.

"పిల్లను సాకమని ఇచ్చిన పైసలు గివి. మొగనితోని ముచ్చట్లు పెట్టనీకి కాదు. గిందుకే మీకు చేతికి పైసలియ్యొద్దంటరు పైనోళ్లు."

రుక్కి మొహం చిన్నబోయింది. నేను ఆగలేక ముందుకు పోయాను. "సారూ, ఆ ఫోను లేకుంటె నా బిడ్డ బతికేది గాదు. దానితోటే నూటెనిమిదికి చేసింది."

ఆయన నా వైపు చూశాడు. "బతికింది నీ బిడ్డ గదమ్మా. పైసలిచ్చింది ఆమె బిడ్డకు."

నాకు ఒళ్లంతా మండింది. పిల్లలకు పైసలిచ్చే మనిషి, ఒక పిల్ల బతికిందంటే, అది ఎవరి పిల్ల అని అడుగుతాడా?

"నిన్న రోడ్డు మీద మీరే అన్నరు గద సారూ. మన పైసలు ఎట్ల ఖర్చు పెట్టుకోవాల్నో మనకెరుక, లెక్క అడగనీకి వాళ్లెవరని. నేను జై గుడ కొట్టిన."

"అది వేరె, ఇది వేరె. అది హక్కు. ఇది సాయం."

మా అత్త అరుగు మీద కూర్చుని చుట్ట తాగుతోంది. అక్కడి నుంచే అంది. "అట్లనా నాయినా? హక్కయితె మింగినా అడుగొద్దు, సాయమైతె తిన్నా అడుగాలెనా? నువ్వు తాగకుంటె చాయన్న ఇటియ్యి, సల్లారుతది."

ఆయన జీపెక్కి పోయాడు. మరుసటి నెల పాల పైసలకు అందరి పేర్లూ పిలిచారు. రుక్కి పేరు పిలవలేదు. మా ఆడవాళ్లం జమై అడిగితే, "పైసలు పక్కదారి పట్టినయి, మేమేం చెయ్యలేం" అన్నారు. మేమంతా తలా కొంత వేసి ఆమెకు ఇవ్వబోయాం. రుక్కి తీసుకోలేదు. "మీ పైసలు నాకిస్తె రేపు మీవి గుడ పక్కదారి అంటరు" అంది. ఆ సంస్థ ఆఫీసు గోడకు బుచ్చి ఫోటో పెట్టారట. సీలు తీయని డబ్బాతో సహా. ఆ డబ్బా ఎప్పుడో దుకాణానికి తిరిగి పోయింది. నేను బుచ్చిని తిట్టను. లెక్క అడిగేవాళ్లకు ఏం కావాలో ఆమెకు తెలుసు. రుక్కికి తెలియదు, అంతే.

ఒక్కటి అడుగుతాను. కాలువ తవ్వకుండానే బిల్లులు ఎత్తుకున్న కాంట్రాక్టర్ల ఇళ్లకు ఎవరైనా జీపులో పోయి, మీ వంటింట్లో ఏముందో చూపించు అన్నారా? పళ్లెంలో పెట్టి చూపించినవాళ్లకే ఎందుకు ఈ శిక్ష?

సమ్మె విరమించారు. బస్సులు తిరిగాయి. గనిలో మాత్రం కాంట్రాక్టరు టీక్యాను మళ్లీ తీసుకోలేదు. అతను భూపాలపల్లి దాటాక ఉన్న ఒక ఇటుక బట్టీలో అడ్వాన్సు తీసుకుని చేరాడు. జంటగా పని చేస్తేనే అడ్వాన్సు అన్నారట, రుక్కిని రమ్మన్నాడు. పాల పైసలు వస్తూ ఉంటే ఆమె తండా విడిచేది కాదు. పిల్లకు ఏడాది నిండేదాకా ఇక్కడే ఉంటానని టీక్యాతో అంతకుముందే తెగేసి చెప్పింది.

పోయే రోజు బిడ్డను వీపున కట్టుకుని మా ఇంటికి వచ్చి, ఫోను నా చేతిలో పెట్టింది.

"నాకెందుకే? నీకక్కడ ఎవరున్నరు?" అన్నాను.

"నా మొగడు నా పక్కన్నే ఉంటడు. ఇగ నాకు ఫోనెందుకు? నీ పిల్లకు ఫిట్సొస్తయి. నా పిల్ల గట్టిది."

"వద్దు రుక్కీ. ఆ సారు అన్నది నిజమైతది. నీ బిడ్డ పైసలు నా బిడ్డకైతయి."

"అయితె అయితయి. ఆ సారుకు చెప్పు, లెక్క సరిపోయిందని."

నవ్వుతూనే అంది. నేను ఫోను నంబరును ఆమె గుడ్డ సంచి లోపలి వైపు బాల్‌పెన్నుతో రాసిచ్చాను. వానకు తడిస్తే పోతుందేమోనని రెండు చోట్ల రాశాను. వద్దని ఆమె చేతిలోకి ఫోను తోసేయవలసింది. ఆ ఉదయం నీరజ ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. నా చెయ్యి ఫోనును వదల్లేదు.

బట్టీకి చేరాక ఒక్కసారి చేసింది, ఏదో దుకాణం నుంచి. బట్టీ రోడ్డుకు చాలా లోపలికి ఉందట, ఫోను చేయాలంటే ఇంత దూరం నడిచి రావాలట. పొగకు పిల్లకు దగ్గు పట్టిందట. "తగ్గుతది తియ్యి, నీరజ ఎట్లున్నది?" అంది. అంతే. తర్వాత మోగలేదు. ఆ నంబరుకు నేనే చేస్తే దుకాణమాయన, "ఎందరో వస్తరు పోతరమ్మా, ఎవరని చెప్పాలె?" అన్నాడు. నేను పోదామంటే మా ఆయన రాలేదు, చంటిపిల్లతో ఏ బట్టీ అని వెతకను?

నూటెనిమిదికి చేయడం ఆమెకు తెలుసు. చేయడానికి చేతిలో ఫోనే లేదు. అది ఇక్కడ మా గూట్లో ఉంది, కరెంటు వచ్చినప్పుడల్లా చార్జింగు పెడుతున్నాను.

మీలో ఎవరైనా భూపాలపల్లి దాటి పోయేవాళ్లుంటే, ఇటుక బట్టీల పొగ కనిపించిన చోట ఒక్కసారి ఆగండి. నెల్లికుదురు దిక్కు నుంచి వచ్చిన రుక్కి ఉందా అని అడగండి. పిల్ల పేరు అడగకండి, ఇంకా పెట్టలేదు. పిల్లకు దగ్గు తగ్గిందా, ఒళ్లు వెచ్చగా ఏమైనా ఉందా, చెయ్యి పెట్టి చూడండి. మీ ఫోను ఒక్క నిమిషం ఆమె చేతికివ్వండి. ఎవరితో మాట్లాడతావు, ఎందుకు మాట్లాడతావు అని మాత్రం అడగకండి.