మూడో చీటీ

తిమింగలం ఓడిపోతుందని ఆ రోజు కొలను చుట్టూ కూర్చున్న జనంలో ఒక్కరు కూడా కలగనలేదు. ఆరేళ్ళుగా వంద మీటర్ల ఈతలో ఆ మనిషిని ఓడించినవాడు లేడు. ఏ దేశంలో పోటీ పెట్టినా నాలుగో లేన్ ఆయనది, బంగారు పతకం ఆయనది. మిగతా ఏడుగురూ రెండో స్థానం కోసం కొట్టుకు చచ్చేవాళ్ళు. ఆ ఒడ్డూ పొడుగూ చూసి తిమింగలమని ఎవరో సరదాకి పెట్టిన పేరు, పత్రికలవాళ్ళు కూడా అసలు పేరు మరిచిపోయేంతగా అతుక్కుపోయింది.

ఆ ఫైనల్లో ఎనిమిదో లేన్‌లో ఉన్నది ఈత మాస్టారి కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు. గోడ దగ్గర కూర్చుని ఎవరు ముందు ముట్టుకున్నారో తేల్చాల్సిన ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఆ ఈత మాస్టారే.

ఇదెక్కడి చోద్యమంటారా? పరదేశం నుంచి వచ్చిన జడ్జీ పొద్దున్నే జ్వరంతో మంచమెక్కాడు. ఆయన బదులు కూర్చోడానికి జడ్జీ పరీక్ష పాసైనవాడు ఊళ్ళో మాస్టారొక్కడే. కబురందగానే ఆయన పెద్ద రిఫరీ దగ్గరికి పరిగెత్తాడు.

"ఎనిమిదో లేన్‌లో ఉన్నది మావాడండి. నేను కూర్చోకూడదు."

పెద్ద రిఫరీ కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వాడు. "మీవాడు ఫైనల్ దాకా రావడమే గొప్ప. తిమింగలం ఉండగా మొదటి స్థానానికి గొడవేముంటుంది చెప్పండి? అయినా మీరు నిప్పులాంటి మనిషని ఎవరికి తెలీదు? వెళ్ళి కూర్చోండి."

ఆ మాటకి మాస్టారు పొంగిపోయాడు. అక్కడే కొంప మునిగింది. నిప్పులాంటి మనిషని పేరు పడ్డవాడికి ఆ పేరు కాపాడుకోవడమే పెద్ద ఉద్యోగమైపోతుంది. కొడుకుని పదిమందిలో ఏనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదాయన. మిగతా పిల్లలు కొలను పదిసార్లు ఈదితే వాడి చేత పన్నెండుసార్లు ఈదించేవాడు, ఎవరూ తనని వేలెత్తి చూపకూడదని. వాడు కిక్కురుమనకుండా ఈదేవాడు.

చెయ్యి తగలగానే సమయం చూపించే కరెంటు పలకలు అప్పటికింకా గోడకి రాలేదు. చేతి గడియారాలు, మనుషుల కళ్ళు, అంతే. ముగ్గురు జడ్జీలూ గెలిచిన లేన్ నంబరు చీటీ మీద రాసి, మడిచి ఇవ్వాలి. గడియారాలు తేల్చలేకపోతే చీటీలు విప్పుతారు. ఇద్దరు ఏది రాస్తే అదే తీర్పు.

తుపాకీ పేలింది. సగం దూరానికి తిమింగలం బారెడు ముందున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు, ఎవరి చూపూ పడని ఆ చివరి లేన్‌లో కుర్రాడు పుంజుకున్నాడు. మాస్టారు కళ్ళల్లో ఒత్తులు వేసుకుని గోడనే చూస్తున్నాడు. తలలు చూడొద్దు, చేతులు చూడండి అని ఆయనే ఎంతోమందికి నేర్పాడు. ముందు కొడుకు చెయ్యి తగిలింది. రెండు వేళ్ళు గోడకి ఆనడం ఆయన స్పష్టంగా చూశాడు. రెప్పపాటు తర్వాత నాలుగో లేన్‌లో పెద్ద చెయ్యి పడింది.

ఎనిమిది అని రాయాలి. పెన్సిల్ కదల్లేదు. ఓడింది ఆరేళ్ళుగా ఓటమి ఎరగనివాడు, గెలిచింది తన కొడుకు, రాసేది తను. రేపు నలుగురూ ఏమంటారు? నేను చూసింది జరిగిందా, జరగాలనుకున్నది చూశానా? ఆ అనుమానం రావడం వల్లే అలా రాశానని తర్వాత తనకి తాను సర్దిచెప్పుకున్నాడు గానీ, అది అబద్ధం. ఆయనకి భయం వేసింది. నాలుగు అని రాసి మడిచేశాడు.

గడియారాలు రెండు లేన్లకీ ఒకే సమయం చూపించాయి. చీటీలు విప్పారు. మొదటిది నాలుగు, రెండోది ఎనిమిది. మూడో చీటీ మాస్టారిది.

బోర్డు మీద నాలుగు అంకె ఎక్కేదాకా తిమింగలం చెయ్యెత్తలేదు. అంకె కనిపించాక ఎత్తాడు. జనం హోరెత్తిపోయారు.

అభ్యంతరం ఉంటే అరగంటలోగా రాసివ్వాలి. జట్టు కోచ్ అప్పటికే కాగితం రాసి పట్టుకున్నాడు, కుర్రాడి సంతకమే తరువాయి. వాడు తువ్వాలు భుజాన వేసుకుని, ఆ కాగితం అందుకుని, నీళ్ళోడుతూ తండ్రి దగ్గరికొచ్చాడు, వెనకే కోచ్.

"నాన్నా, నేను గోడ ముట్టుకుని పక్కకి చూశాను. ఆయనింకా రాలేదు. ఒక చీటీలో ఎనిమిది ఉందంట. అది నీదేనా?"

"కాదు. నేను నాలుగు రాశాను."

"చూసే రాశావా?"

"చూసే రాశాను."

వాడు కాసేపు తన అరచేతిని చూసుకున్నాడు. "అయితే నేనే పొరబడ్డాను. నీ కళ్ళు తప్పు చూడవు." సంతకం చెయ్యకుండానే కాగితం కోచ్‌కి ఇచ్చేశాడు. "వద్దు సార్. మా నాన్నే నాలుగు రాశాడు."

గడువుకి ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంటా ఆయన జడ్జీల గదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

పతకాలు ఇచ్చేశాక వరండాలో తిమింగలం ఎదురయ్యాడు. మెడలో పతకం లేదు, జేబులో పెట్టుకున్నట్టున్నాడు.

"మీరు ఆ కుర్రాడి నాన్నగారట కదా. ఇవాళ గెలిచింది వాడేనండి. నేను ఊపిరి తీసుకునేది వాడి వైపే. చివర్లో వాడు నా ముందున్నాడు."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో." కాస్త ఆగి, "మీరు చూశారు కదా," అన్నాడు. అది ప్రశ్న కాదు. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళే బస్సులో తండ్రీకొడుకులు పక్కపక్కనే కూర్చున్నారు. రేపట్నుంచి కొలనుకి రానని, ఏదైనా పని చూసుకుంటానని కొడుకు నెమ్మదిగా చెప్పాడు. "ఎవరు ముందో నా చేతికే తెలియనప్పుడు ఇంకేం ఈదుతాను నాన్నా," అన్నాడు.

మాస్టారికి ఇక దాచడం చేతకాలేదు. "నీ చెయ్యి తప్పు చెప్పలేదురా. ముందు ముట్టుకుంది నువ్వే. నేను చూశాను."

కొడుకు ఆయన వైపు తిరిగాడు. "మరి నాలుగెందుకు రాశావు?"

"నా కొడుకువని. కొడుకని రాశాడంటారని."

"అక్కడ ఇంకెవరి కొడుకైనా ఉంటే ఏం రాసేవాడివి?"

కొడుకు ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

"ఎనిమిది," అన్నాడు మాస్టారు చివరికి.

"అయితే ఇంకెవరికి పుట్టినా గెలిచేవాణ్ణన్నమాట," అని కొడుకు లేచి నిలబడ్డాడు. బస్సు ఆగగానే దిగిపోయాడు. ఇల్లు ఇంకా నాలుగు స్టాపుల దూరంలో ఉంది.